315 అని రాసిన పిల్లకి సున్నా వేసి ఊరుకుంటే ఎలా? స్కూలు పరీక్షలకి సర్కారు పెట్టే డబ్బు గురించి

[తెర మీద: ధవళేశ్వరం బ్యారేజీ. గోడ మీద అడుగుల గుర్తులు దగ్గరగా.]

నమస్కారమండీ. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. కోనసీమలో గోదావరి పాయల మధ్య ఏ లంక ఊళ్ళో అడిగినా ఈ అంకెలు నోటికి చెప్తారు. ఏ హెచ్చరికకి ఏ దారి మునుగుతుందో, పశువుల్ని ఎప్పుడు గట్టు మీదికి తోలుకోవాలో వాళ్ళకి తెలుసు కాబట్టి ఆ అంకె విన్న వెంటనే పనిలోకి దిగుతారు.

మరి మీ అమ్మాయికి లెక్కల్లో 20కి 11 వచ్చాయి. ఆ 11 విని ఇంట్లో ఏం చెయ్యాలి? ఏం వచ్చినట్టు, ఏం రానట్టు? ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే తల్లిదండ్రుల్లో ఎక్కువ మందికి ఇది ఎవరూ చెప్పరు. ఆ పరీక్ష పెట్టడానికి మాత్రం సర్కారు డబ్బు ఖర్చవుతుంది. అంటే మన డబ్బే. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, దానికి బదులుగా మన చేతికి ఏం రావాలి అన్నది ఈ వీడియోలో చూద్దాం.

[తెర మీద: మూడో తరగతి లెక్కల పుస్తకం.]

ముందు కొలత సంగతి. ఏ తరగతి పూర్తయ్యేసరికి పిల్లకి ఏమేం రావాలో, బడి పుస్తకాలు తయారు చేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2017లో తరగతుల వారీగా, సబ్జెక్టుల వారీగా రాసి పెట్టింది. వీటినే లెర్నింగ్ అవుట్‌కమ్స్ అంటున్నారు. అదే ఏడాది విద్యా హక్కు చట్టం కేంద్ర నిబంధనల్లోకి కూడా ఇవి చేరాయి. ఉదాహరణకి మూడో తరగతి లెక్కల్లో ఒకటి: మూడంకెల సంఖ్యల కూడికలు, తీసివేతలు చేసి రోజువారీ లెక్క తేల్చగలగాలి. ఇందులో అప్పు తెచ్చుకుని చేసే తీసివేతలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు దీనికి సరిపోయే ప్రశ్న ఒకటి వేద్దాం. ఇది మన ప్రాంతం ప్రశ్నే.

[తెర మీద: కొబ్బరి తోట, రాశి పోసిన కాయలు. కింద ప్రశ్న.]

తోటలో 463 కాయలు దింపారు. అందులో 178 కాయలు వలిచేశారు. ఇంకా వలవాల్సినవి ఎన్ని? ఆప్షన్లు నాలుగు: 285, 315, 385, 641.

సరైన జవాబు 285. అది పెట్టిన పిల్లల గురించి మనకి బెంగ లేదు. కాస్త ఆగి ఆ మూడు తప్పుల్నీ చూడండి, పరీక్షలో అసలు సరుకు అక్కడే ఉంది.

641 పెట్టిన పిల్లవాడు రెండు సంఖ్యల్నీ కలిపేశాడు. కూడిక తప్పు లేకుండా చేశాడు. వాడికి లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాలేదు. వాడి చేత చదివించాలి. ‘ఇంకా ఎన్ని మిగిలాయి’ అంటే ఏమిటో నాలుగు కాయలు ముందు పెట్టి చూపించాలి. వీడికి ఎన్ని తీసివేతలు ఇచ్చినా లాభం లేదు.

315 పెట్టిన పిల్ల ఏం చేసిందంటే, 3లోంచి 8 పోదు కదా అని తిరగేసి 8లోంచి 3 తీసేసింది, 5 వచ్చింది. 6లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 6 తీసేసింది, 1 వచ్చింది. 4లోంచి 1 పోతే 3. మొత్తం 315. చిన్న అంకెని పెద్ద అంకెలోంచి తీసెయ్యడమే తీసివేత అని ఆ పిల్ల నమ్ముతోంది. పది అంటే పది ఒకట్లు అన్న సంగతే ఇంకా బుర్రకి ఎక్కలేదు. తనకి పుల్లల కట్టలతో రెండో తరగతి పాఠం మళ్ళీ చెప్పాలి.

385 పెట్టిన వాడికి దాదాపు అంతా వచ్చు. ఒకట్లకి అప్పు తెచ్చాడు, పదులకి కూడా తెచ్చాడు. వందల్లో ఒకటి తగ్గించడం మర్చిపోయాడు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పూట చేయిస్తే వాడు గట్టెక్కుతాడు.

ముగ్గురిదీ తప్పే, ముగ్గురికీ సున్నాయే. కానీ ముగ్గురికీ కావలసిన సాయం వేరు. ప్రమాణానికి తగ్గ పరీక్ష అంటే నా దృష్టిలో ఇదే. ఏది రావాలో ముందే రాసుకుని, తప్పు జవాబు కూడా ఏదో ఒకటి చెప్పేలా ప్రశ్న తయారు చెయ్యడం. ఇలాంటి ప్రశ్న ఒకటి రాయాలంటే పిల్లలు ఎక్కడ తప్పటడుగు వేస్తారో బాగా తెలిసిన టీచర్లు కూర్చోవాలి, ముందు కొన్ని బడుల్లో పెట్టి చూడాలి, దిద్దుకోవాలి. దానికి డబ్బు ఖర్చవుతుంది. ఆ ఖర్చు సబబే అంటాను.

[తెర మీద: రూపాయల లెక్క, ఒక్కో అంకె విడిగా.]

డబ్బు దగ్గరికి వద్దాం. సర్కారు బడులకి కేంద్రం నుంచి వచ్చే పెద్ద పద్దు సమగ్ర శిక్ష. 2018లో మొదలైంది. 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు అయిదేళ్ళకి దేశం మొత్తానికి వేసిన లెక్క 2,94,283 కోట్లు. ఆంధ్రప్రదేశ్ లాంటి రాష్ట్రాల్లో ఖర్చు కేంద్రం 60 పాళ్ళు, రాష్ట్రం 40 పాళ్ళు పెట్టుకుంటాయి.

ఇంత పెద్ద అంకెలో పరీక్షలకి ఎంత? చిన్న తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు వచ్చాయో లేదో చూసే మూల్యాంకనానికి జిల్లాకి 10 నుంచి 20 లక్షలు అని 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించినప్పుడు చెప్పారు. అదే చోట పిల్లల బోధన సామగ్రికి తలకి 500 రూపాయల వరకు, టీచరు చేతిపుస్తకాలకి ఒక్కొక్కరికి 150 అన్నారు.

లెక్క కోసం ఒక జిల్లాలో ఆ చిన్న తరగతుల పిల్లలు 40 వేల మంది ఉన్నారనుకోండి. 10 లక్షలైతే తలకి 25 రూపాయలు. 20 లక్షలైతే 50. ప్రశ్నపత్రం అచ్చు, రవాణా, దిద్దడం, అంకెలు ఎక్కించడం, ఆ అంకెల్ని చదివి అర్థం చెప్పడం అన్నీ అందులోనే సర్దాలి. అచ్చుకి, రవాణాకి బిల్లు ఉంటుంది కాబట్టి ముందు అవే పుచ్చేసుకుంటాయి. చివర మిగిలిపోయేది, అంకెలకి అర్థం చెప్పే పని. నాకు బాధ కలిగించేది అదే.

మన రాష్ట్రానికి ఇంకో దారిలో కూడా డబ్బు వచ్చింది. బడి చదువులు మెరుగుపరచడానికి పెట్టిన సాల్ట్ అనే ప్రాజెక్టు కింద ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది, 2021 నవంబర్‌లో ఒప్పందం అయింది. ఇది గ్రాంటు కాదండీ, తీర్చాల్సిన అప్పు. మొత్తం ఒకేసారి ఇవ్వరు, ఒప్పుకున్న ఫలితాలు చూపించిన కొద్దీ విడుదల చేస్తారు. పిల్లల్ని అంచనా వేసే తీరు మెరుగుపరచడం కూడా అందులో ఒక భాగం. 2022-23 నుంచి చిన్న తరగతుల పిల్లలు ఓఎంఆర్ షీట్ల మీద బబుల్స్ దిద్దే సీబీఏ, అంటే క్లాస్‌రూమ్ బేస్డ్ అసెస్‌మెంట్ పరీక్షలు రాయడం మీరు చూసే ఉంటారు.

ఫలితాన్ని బట్టి డబ్బు అన్న పద్ధతి నాకు ఇష్టమే. కానీ ఒక జాగ్రత్త కావాలి. ఎన్ని బడుల్లో పరీక్ష జరిగింది, ఎన్ని షీట్లు స్కాన్ అయ్యాయి అని చూపించడం తేలిక. 315 పెట్టిన పిల్ల మూడు నెలల తర్వాత 285 పెట్టింది అని చూపించడం కష్టం. కష్టమైన రుజువు అడక్కపోతే తేలిక రుజువుతోనే పని నడిచిపోతుంది. రాత్రి పది గంటలకి సెల్‌ఫోన్ పట్టుకుని మార్కులు అప్‌లోడ్ చేస్తూ కూర్చున్న టీచరు, ఆ మార్కుల గురించి ఆలోచించే తీరిక లేకుండానే మర్నాడు తరగతికి వెళ్తారు.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలో 2002లో వచ్చిన చట్టం మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్షలు తప్పనిసరి చేసింది. రాష్ట్రాలకి అందుకు నిధులూ ఇచ్చింది. 2010లో కొత్త ప్రమాణాలకి సరిపోయే పరీక్షలు తయారు చెయ్యమని రాష్ట్రాల కూటములు రెండిటికి కలిపి 33 కోట్ల డాలర్లు కేటాయించారు. తర్వాత పరీక్షలు మరీ ఎక్కువైపోయాయని తల్లిదండ్రులు గొడవ పెట్టారు. 2015లో వచ్చిన కొత్త చట్టంలో, అక్కర్లేని పరీక్షలేవో వెతికి తీసెయ్యడానికి కూడా డబ్బు ఇచ్చే ఏర్పాటు చేశారు. పరీక్ష పెట్టడానికే కాక తగ్గించడానికి కూడా నిధి ఉండాలన్న ఆలోచన నాకు నచ్చింది. మన దగ్గర ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (మధ్యమధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షలు), రెండు ఎస్‌ఏలు (పెద్ద సమ్మేటివ్ పరీక్షలు), మధ్యలో సర్వేలు. ఏది ఎందుకో ఒకసారి కూర్చుని చూడాల్సిందే.

[తెర మీద: దేశం మ్యాపు, ఆపైన జిల్లాలు.]

సర్వే అన్నాను కదా, అది వేరు. 2024 డిసెంబర్ 4న, పిల్లల చదువు అంచనా కోసం ఎన్‌సీఈఆర్‌టీ కింద పెట్టిన పరఖ్ సంస్థ దేశమంతా 3, 6, 9 తరగతుల్లో సర్వే చేసింది. 781 జిల్లాల్లో 74,229 బడులు, 21 లక్షల పైచిలుకు పిల్లలు. 99 లోపు సంఖ్యల్ని చిన్న నుంచి పెద్దకి, పెద్ద నుంచి చిన్నకి పేర్చగలిగిన మూడో తరగతి పిల్లలు 55 శాతం. పదో ఎక్కం దాకా వచ్చిన ఆరో తరగతి పిల్లలు 53 శాతం. ఇది ఎంచుకున్న కొన్ని బడుల్లో చేసే సర్వే. జిల్లా ఎలా ఉందో చెప్తుంది, మీ అమ్మాయి ఎలా ఉందో చెప్పదు. చెప్పడం దాని పని కూడా కాదు. సర్వేకీ, తరగతి పరీక్షకీ రెండిటికీ డబ్బు కావాలి గానీ, ఒకదాని ఫలితం చూపించి రెండోది కూడా అయిపోయినట్టు లెక్క రాయకూడదు.

[తెర మీద: వరద నీళ్ళలో మునిగిన కాజ్‌వే, నాటు పడవ.]

మన డెల్టాలో ఇంకో ఇబ్బంది ఉంది, రాజధానిలో కూర్చుని టైమ్ టేబుల్ వేసేవాళ్ళకి చటుక్కున తట్టనిది. బడులు జూన్‌లో తెరుస్తారు. జులై నుంచి సెప్టెంబర్ దాకా వరద కాలం. ఏడాదిలో మొదటి పరీక్ష సరిగ్గా ఆ మధ్యలోనే పడుతుంది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిందంటే ఆ ఊరి పిల్లలకి పడవే దిక్కు. కొన్ని బడులు పునరావాస కేంద్రాలైపోతాయి, తరగతి గదుల్లో జనం వంటలు చేసుకుంటూ ఉంటారు. ఆ వారంలో పరీక్ష పెడితే లంక పిల్లలు ఆబ్సెంట్. రిజల్టులో ఆబ్సెంట్ అని పడుతుంది, తర్వాత ఎవరూ అడగరు. ఎవరి సంగతి అందరికంటే ముందు తెలియాలో, వాళ్ళ గడే ఖాళీగా ఉంటుంది. వరద తగ్గాక ఆ పిల్లలకి మళ్ళీ పరీక్ష పెట్టడానికి, మండలం నుంచి సీఆర్పీ (కొన్ని బడుల్ని కలిపి చూసుకునే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) కాగితాలు పట్టుకుని పడవెక్కి రావడానికి జిల్లా నిధిలో కొంత విడిగా తీసి పెట్టాలి. పెద్ద మొత్తమేమీ కాదు, అడిగేవాళ్ళు ఉండాలి.

ఇంకా, చేపల చెరువుల మీద కాపలాకి వచ్చిన కుటుంబాల పిల్లలు చెరువు మారితే బడీ మారతారు. గల్ఫ్ వెళ్ళిన తల్లుల పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. చాలామంది అమ్మమ్మలు చదువుకోలేదు. వాళ్ళకి అచ్చువేసిన కార్డు ఎంత అందంగా ఉన్నా ఒకటే. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడితే కువైట్‌లో తల్లి కూడా వింటుంది.

[తెర మీద: బడి ఆవరణ, పేరెంట్ టీచర్ మీటింగ్.]

మెగా పేరెంట్ టీచర్ మీటింగులు 2024 డిసెంబర్ నుంచి జరుగుతున్నాయి. అక్కడ మామూలుగా ఇలా నడుస్తుంది:

“మా అమ్మాయికి ఎన్నొచ్చాయండీ?”

“ఇరవైకి పదకొండండి.”

“పోనీలెండి, పాసైపోయింది కదా.”

ఈసారి ఇలా అడిగి చూడండి:

“టీచరు గారూ, మా పిల్ల తీసివేతల్లో ఎక్కడ ఆగిపోతోందండీ?”

“అప్పు తెచ్చుకునే దగ్గరండి. పదుల్లోంచి తేవాలని తెలీక అంకెలు తిరగేసేస్తోంది.”

“ఇంట్లో మేం ఏం చేయించాలండీ?”

“చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టించండి. 32లోంచి 18 తియ్యమనండి. కట్ట విప్పితే గానీ కుదరదు కదా, అదే నేర్చుకుంటుందండి.”

దీనికి కాగితం మీద అనుమతులేం అక్కర్లేదు. జవాబు పత్రం చూపించమనండి. 2025-26 నుంచి పిల్లలు పరీక్షలు రాసే అసెస్‌మెంట్ బుక్ బడిలోనే ఉంటోంది, తెరిచి తప్పులు చూడొచ్చు. టీచరు దగ్గర జవాబు లేకపోతే వాళ్ళ మీద కోప్పడకండి. స్కాన్ చేసిన ఫలితాలు ప్రశ్నల వారీగా తరగతి దాకా రావడం లేదేమో కనుక్కోండి. రాకపోతే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగులో తీర్మానంగా రాయించండి, ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకి పంపండి.

[తెర మీద: తెల్ల కాగితం, పెన్ను.]

డబ్బు వివరం కావాలంటే రెండు దారులు. ప్రతి రాష్ట్రానికి ఆ ఏడాది సమగ్ర శిక్షలో ఏ పద్దుకి ఎంత ఒప్పుకున్నారో ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు మినిట్స్‌లో ఉంటుంది, కేంద్ర విద్యా శాఖ వెబ్‌సైట్‌లో పెడతారు. జిల్లాకి వచ్చాక ఎలా ఖర్చయిందో తెలియాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో ఫీజు మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. గ్రామ స్థాయిలో ఫీజే లేదు. మీ జిల్లా సమగ్ర శిక్ష ఆఫీసు పౌర సమాచార అధికారి పేరున ఇలా రాయండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి:

“గడిచిన ఆర్థిక సంవత్సరంలో విద్యార్థుల మూల్యాంకనం పద్దు కింద మన జిల్లాకి విడుదలైన మొత్తం, ఖర్చయిన మొత్తం తెలుపగలరు. అందులో అచ్చు, రవాణా, స్కానింగ్, టీచర్ల శిక్షణ ఖర్చులు విడివిడిగా ఇవ్వగలరు. పరీక్ష రోజు గైర్హాజరైన విద్యార్థుల సంఖ్య మండలాల వారీగా, వారిలో తిరిగి పరీక్ష రాసిన వారి సంఖ్య తెలుపగలరు.”

30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టొచ్చు. జవాబు వచ్చినవాళ్ళు మీ మండలం పేరుతో కింద కామెంట్లో పెట్టండి. గైర్హాజరు లెక్కలు లంక మండలాలవి, మెరక మండలాలవి పక్కపక్కన పెట్టి వచ్చే వీడియోలో చూద్దాం.