పానా వాళ్ళ చేతికిద్దాం

అందరికీ నమస్కారం. నాకిచ్చిన టైమ్ తక్కువే కాబట్టి నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. పాత ట్రాక్టర్లు దాచుకునేవాళ్ళం ఎక్కడ కలిసినా చివరికి వచ్చే మాట ఒకటే, పిల్లలు రావట్లేదండీ, మన తర్వాత వీటిని చూసేవాళ్ళు లేరు, అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నారు అని. ఆ మాట నేనూ ఏళ్ళ తరబడి అన్నాను, అంటూనే మా షెడ్డుకి వచ్చిన పిల్లల చేతికి ఏమిచ్చానో తెలుసా, ఒక గుడ్డ ముక్క, ఒక పాలిష్ డబ్బా. బోనెట్ తుడవండి, ఆ లివర్ ముట్టుకోకండి, అది కార్బొరేటర్ జాగ్రత్త, దూరంగా నిలబడండి. రెండు ఆదివారాలు వచ్చారు, మూడో ఆదివారం ఒక్కరూ రాలేదు. తప్పు వాళ్ళదని చాలాకాలం అనుకున్నాను, అది నాకిప్పటికీ బాధే.

మార్పు ఎలా వచ్చిందంటే, ఫెర్గూసన్ టీఈ20 అనే ఒక చిన్న పాత ట్రాక్టర్ మా దగ్గరికి వచ్చింది, ఇంజన్ పూర్తిగా పట్టేసి ఉంది. మా తమ్ముడి కూతురు, అప్పటికి పదహారేళ్ళు, వాళ్ళ నాన్న కోసం వచ్చి అక్కడే నిలబడి అడిగింది, పెదనాన్నా ఇది ఎందుకు తిరగట్లేదు అని. నాకు ఆరోజు ఓపికుంది కాబట్టి సరే రా అని పానా చేతికిచ్చి స్పార్క్ ప్లగ్గులు నాలుగూ నువ్వే విప్పు అన్నాను. విప్పింది, లోపలికి టార్చ్ వేసి చూసింది, సిలిండర్ గోడ మీద ఎర్రగా తుప్పు. ఇంజన్ ఆయిలూ డీజిలూ కలిపి ఒక్కో సిలిండర్‌లో కొంచెం కొంచెం పోశాం, వారం ఊరనిచ్చాం. తర్వాత టాప్ గేరులో వేసి వెనక చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపడం, అంతే, బలం పెట్టకూడదు, పెడితే రింగులు విరుగుతాయి. కదల్లేదు. మళ్ళీ ఆయిల్, మళ్ళీ వారం. క్రాంక్ పుల్లీ మీద సుద్దముక్కతో గీత గీసింది, వచ్చిన ప్రతిసారీ ముందు ఆ గీతే చూసుకునేది. ఐదో వారం ఆ గీత బొటనవేలి వెడల్పంత జరిగింది. షెడ్డు అదిరేలా అరిచింది ఆ పిల్ల! ఆ తర్వాతి ఆదివారం ఒక్కతే రాలేదు, ఇద్దరు ఫ్రెండ్స్‌ని వెంటేసుకొచ్చింది.

అప్పుడు నాకర్థమైంది, మనం పిల్లలకి పని అయిపోయాక చూపిస్తున్నాం. తళతళలాడే రంగు వేసి, తాడు కట్టి, దూరం నుంచి చూడమంటున్నాం. వాళ్ళని పట్టేసేది పాడైన బండి, ఎందుకు పాడైందో కనుక్కోవడం. మంచి కండిషన్‌లో ఉన్న బండిని మనకోసం దాచుకుందాం, పట్టేసిన బండి మాత్రం వాళ్ళకివ్వాలి.

ఇంకో సంగతి, ఈ పాత బండ్లు ఏదీ దాచుకోవు. ఇప్పటి యంత్రాల్లో ఏం జరిగినా లోపల కంప్యూటర్ చూసుకుంటుంది, మూత తీసినా ఏమీ కనపడదు. పాత బండ్లలో స్పార్క్ పుట్టించే మాగ్నెటో అలా కాదు, చేత్తో తిప్పితే వైరు కొస నుంచి నీలం రంగు స్పార్క్ టిక్కుమని దూకుతుంది, బ్యాటరీ లేదు ఏమీ లేదు, అయస్కాంతం, తీగచుట్ట, అంతే. క్లాసులో విద్యుదయస్కాంత ప్రేరణ అని బట్టీపట్టిన కుర్రాడు ఆ స్పార్క్ చూశాక, ఇదేనా అది అన్నాడు నాతో. అలాగే పాత జాన్‌డీర్ రెండు సిలిండర్ల బండి శబ్దం ఒకసారి వినిపించండి, టప్‌టప్... టప్‌టప్... మధ్యలో చిన్న ఖాళీ, కుంటుతున్నట్టు. ఇంజన్ బాలేదా అని అడుగుతారు పిల్లలు. బానే ఉంది, రెండు పిస్టన్లూ పక్కపక్కనే ఉన్నా క్రాంక్ మీద ఒకటి ముందుకొస్తే ఇంకోటి వెనక్కి పోతుంది, అందుకే రెండు పేలుళ్ళు వెంటవెంటనే వచ్చి తర్వాత ఒకటిన్నర చుట్టు ఖాళీ పోతుంది, కావాలంటే కాగితం మీద గీసి చూడండి అని చెప్తే అరగంట ఎవరూ ఫోన్ తియ్యరు, నేను చూశాను.

కథలు కూడా చెప్పాలండీ, కానీ హార్స్‌పవర్ ఇంత, బోర్ ఇంత అని లిస్టు చదవడం కథ కాదు. నేను చెప్పేది ఇలా ఉంటుంది. 1917లో హెన్రీ ఫోర్డ్ ఫోర్డ్‌సన్ ట్రాక్టర్‌ని అసెంబ్లీ లైన్ మీద తయారుచెయ్యడం మొదలుపెట్టాడు, లక్షల్లో అమ్ముడైంది. కానీ వెనక కట్టిన నాగలి రాయికో వేరుకో తగులుకుంటే చక్రాలు ఆగిపోయి బండి ముందుభాగం గాల్లోకి లేచేది, వెనక్కి తిరగబడి డ్రైవర్ మీద పడేది, అలా ప్రాణాలు పోయాయి. హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండ్ మనిషి ఏళ్ళ తరబడి దీని మీదే కూర్చున్నాడు. నాగలిని గొలుసుతో లాగడం మానేసి, కింద రెండు పైన ఒకటి, మూడు చోట్ల బండికే బిగించి హైడ్రాలిక్స్‌తో ఎత్తేట్టు చేశాడు. నాగలి గట్టి నేలలో దిగి భారం పెరిగితే పై లింక్ ముందుకు నెట్టుతుంది, ఆ నెట్టుడికి స్ప్రింగ్ నొక్కుకుంటుంది, స్ప్రింగ్ వాల్వుని కదిలిస్తుంది, పంపు నాగలిని కాస్త పైకి తీస్తుంది. అదే నెట్టుడు బండి ముక్కుని కిందికి అదిమి పెడుతుంది, చక్రాల పట్టు కూడా పెరుగుతుంది. ఇదంతా డ్రైవర్ చెయ్యి పెట్టకుండానే!

1938లో ఫెర్గూసన్, ఫోర్డ్ కలిసి పనిచేద్దామనుకున్నారు, చెయ్యి చెయ్యి కలిపారు, కాగితం రాసుకోలేదు. 1939లో ఆ మూడు లింకులతో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ వచ్చింది. పెద్ద ఫోర్డ్ తప్పుకున్నాక మనవడు ఆ ఒప్పందం ఆపేసి, 1947లో 8ఎన్ తెచ్చాడు, ఫెర్గూసన్ కోర్టుకెళ్ళాడు, 1952లో 92.5 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. ఇది చెప్తుంటే ఒక కుర్రాడు, ఇంత పెద్ద బిజినెస్‌కి కాగితం లేదా తాతా అని నోరు తెరిచాడు, వెంటనే లేచి వెళ్ళి ఆ మూడు లింకులూ పట్టుకుని ఊపి చూశాడు. ఈరోజుకీ ప్రపంచంలో ఎక్కువ ట్రాక్టర్ల వెనక ఉండేది ఆ మూడు చోట్ల బిగింపే. 1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ టీమ్ దక్షిణ ధ్రువం చేరింది కూడా ఈ చిన్న ఫెర్గూసన్ల మీదే, చక్రాల చుట్టూ ట్యాంకులకుండేలాంటి పట్టాలు వేసుకుని. ఇది చెప్పాక ఇంక ఆ బండిని ఎవరూ తుక్కు అనరు.

ఇప్పుడు నాకు నిద్రపట్టనివ్వని సంగతి చెప్తాను. బండ్లు మిగులుతాయి, ఇనుము అంత తొందరగా పోదు. పోయేది చేతిలోని పనితనం. హ్యాండిల్ కొట్టడం తీసుకోండి, పుస్తకంలో ఒక్క లైను ఉంటుంది, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చెయ్యవలెను అని. కానీ బొటనవేలు హ్యాండిల్ చుట్టూ చుట్టకూడదు, మిగతా నాలుగు వేళ్ళ పక్కనే పెట్టాలి, ఎందుకంటే ఇంజన్ ముందే అందుకుంటే హ్యాండిల్ ఎదురు తంతుంది, చుట్టిన వేలు విరుగుతుంది. కింది నుంచి పైకి లాగాలి తప్ప పైనుంచి ఒంటి బరువు వేసి కిందికి తొక్కకూడదు. స్పార్క్ ఎప్పుడు రావాలో మార్చే లివర్ లేటు వైపు ఉందో లేదో ముందు చూసుకోవాలి. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నొక్కుకున్న గాలి ఎదురు ఒత్తిడి, చేతికి తగిలేదాకా మెల్లగా తెచ్చి అక్కడ ఒక్క లాగు. ఆ తగలడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేం, పక్కన నిలబడి చెయ్యి మీద చెయ్యి వేసి నేర్పాల్సిందే.

కిరసనాయిలు బండ్లు కూడా అంతే. పెట్రోల్ మీద స్టార్ట్ చేసి ఇంజన్ బాగా వేడెక్కాకే కిరసనాయిలుకి మార్చాలి, లేకపోతే అది సరిగ్గా ఆవిరవ్వక సిలిండర్ గోడ మీద నుంచి కిందికి జారి ఆయిల్‌లో కలిసిపోతుంది. పని అయ్యాక ఆపేముందు మళ్ళీ పెట్రోల్‌కి మార్చి కాసేపు నడపాలి, లేదంటే పొద్దున కార్బొరేటర్ నిండా కిరసనాయిలే ఉంటుంది, ఎంత తిప్పినా స్టార్ట్ అవ్వదు. ఎంత వేడెక్కితే బాగా వేడెక్కినట్టు? మా షెడ్డులోని పెద్దాయన రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టి చెప్పేవాడు. జర్మనీలో 1921లో వచ్చిన లాంజ్ బుల్‌డాగ్ అయితే ఇంకా వింత, ఒకటే సిలిండర్, ముందు దాని తలని బ్లోలాంప్‌తో బాగా కాల్చాలి, తర్వాత ఫ్లైవీల్‌ని చేత్తో ఊపితే పట్టుకుంటుంది. మొదటి మోడల్‌కి రివర్స్ గేరు లేదు, ఇంజన్‌నే స్లో చేసి అటు తిరిగేదాన్ని ఇటు తిప్పేవాళ్ళు. ఆ స్లో చేసే క్షణం చెవితో పట్టుకోవాలి. ఇలాంటివి తెలిసినవాళ్ళు ఎంతమంది మిగిలారో మీరే చుట్టూ చూసుకోండి.

అందుకే ఫోన్లు పట్టుకుంటున్నారని తిట్టడం మానేసి, ఆ ఫోన్‌తోనే రికార్డ్ చెయ్యమంటున్నాను. మా షెడ్డులో పిల్లలే పెద్దాయన చేతుల్ని దగ్గర్నుంచి వీడియో తీశారు, మొహం కాదు, చేతులు. ప్రశ్నలు వాళ్ళే అడిగారు, మనకి అడగాలని కూడా తోచని ప్రశ్నలు, ఎందుకంటే మనకి అన్నీ తెలుసనుకుంటాం. ఇంకో కుర్రాడు ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ తాలూకు విరిగిపోయిన లివర్‌ని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో విరిగిన భాగం పూర్తిచేసి, ప్లాస్టిక్‌లో ప్రింట్ తీశాడు, దాన్నే అచ్చుగా పెట్టి పోత పోయించాం. పోత చల్లారేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది కాబట్టి అచ్చు కొంచెం పెద్దగా చెయ్యాలని నేను చెప్పాను, ఎంత పెద్దగా అనేది వాడు లెక్కేశాడు. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ లివర్ తయారయ్యేది కాదు.

రంగు గురించి మనలో మనకి గొడవలున్నాయి, ఒరిజినల్ రంగు వెయ్యాలా, ఎండకి వెలిసిన రంగు అలాగే ఉంచాలా అని. నా మటుకు నాకు వెలిసిన రంగే ఇష్టం, సీటు పక్కన మడ్‌గార్డ్ మీద ఏళ్ళ తరబడి చెయ్యి ఆనించి ఆనించి నున్నగా అరిగిపోయిన చోటు ఉంటుంది చూడండి, దాని మీద పెయింట్ కొడితే మళ్ళీ రాదు. కానీ ఆ నిర్ణయం కూడా ఒక బండికి పిల్లల్నే చెయ్యనివ్వండి. మనకి నచ్చని రంగు వేసినా ఊరుకోండి. వాళ్ళ పేరు మీద ఒక బండి ఉండాలి, చిన్నది చాలు, విడిభాగాలు తేలిగ్గా దొరికేది, ఫార్మాల్ కబ్ లాంటిదో టీఈ20 లాంటిదో. అరుదైన పెద్ద బండితో మొదలుపెడితే భయంతో మనమే చెయ్యి వెయ్యనివ్వం.

అమ్మాయిలు దీనికేం వస్తారు అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో ఉమెన్స్ ల్యాండ్ ఆర్మీలో ఒక దశలో 80,000 మందికి పైగా ఆడవాళ్ళున్నారు, మగాళ్ళు యుద్ధానికెళ్తే పొలాల పని వాళ్ళు చేశారు, ఆ ఫోర్డ్‌సన్లు దున్నింది, రిపేర్ చేసింది వాళ్ళలో చాలామంది. మా షెడ్డులో ఇప్పుడు వాల్వులు సానబట్టడంలో మా తమ్ముడి కూతురి తర్వాతే ఎవరైనా.

జాగ్రత్తల విషయంలో మాత్రం ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యను. ఈ బండ్లకి తిరగబడితే కాపాడే ఫ్రేమ్ లేదు. మడ్‌గార్డ్ మీద ఎవర్నీ కూర్చోబెట్టొద్దు, ఎంత ముద్దొచ్చినా సరే. వెనక యంత్రాలకి ఇంజన్ శక్తిని అందించే పీటీవో షాఫ్ట్ తిరుగుతుంటే కవర్ లేకుండా దగ్గరికి పోనివ్వొద్దు, వదులు చొక్కా, చున్నీ, విరబోసుకున్న జుట్టు వద్దు. జాక్ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరొద్దు, దిట్టమైన చెక్క దిమ్మలు పెట్టాకే. ఎందుకో చెప్తే పిల్లలు వింటారు, ఊరికే వద్దు అంటేనే వినరు.

ఇంక బయటికి వెళ్దాం. ఐదు వారాలు ఊపితే బొటనవేలంత కదిలిన ఆ టీఈ20 బయట నీడలో నిలబెట్టాం, రింగులు మార్చి, వాల్వులు సానబట్టి, రంగు వెయ్యకుండా అలాగే తెచ్చాం. ఆ పిల్లకి ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు, హ్యాండిల్ తనే కొడుతుంది, నేను పక్కన నిలబడతానంతే. ఇంజన్ చల్లగా ఉంది కాబట్టి మొదటి రెండు లాగులకి పట్టుకోకపోవచ్చు, దయచేసి ఎవరూ ముందుకొచ్చి సాయం చెయ్యొద్దు.