భరోసా, సఖి కేంద్రాల్లో ఇంటర్న్‌షిప్: ఏం చేయాలి, ఏం అడగకూడదు

యాంకర్: సోషల్ వర్క్, లా, సైకాలజీ చదివే పిల్లలు చాలామంది హింసకు, లైంగిక దాడికి గురైన మహిళలు, పిల్లల సహాయ కేంద్రాల్లో ఇంటర్న్‌షిప్ అడుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి మేడమ్?

కౌన్సెలర్: ముందు ఏ కేంద్రం ఎవరిదో తెలుసుకోవాలండీ. సఖి అంటే వన్ స్టాప్ సెంటర్, మహిళా శిశు సంక్షేమ శాఖది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినవాళ్లను కూడా అక్కడికి పంపుతారు. భరోసా తెలంగాణ పోలీసులది, 2016లో హైదరాబాద్‌లో మొదలైంది. అనుమతి ఇచ్చేది పై అధికారులు కాబట్టి కాలేజీ లెటర్ ముందుగానే వాళ్లకు చేరాలి.

యాంకర్: లోపలికి వెళ్లాక మొదటి పని?

కౌన్సెలర్: "ఏం జరిగిందమ్మా?" అని అడగకుండా ఉండటం.

యాంకర్: అడగకుండా సాయం ఎలా?

కౌన్సెలర్: కేంద్రానికి వచ్చిన అమ్మాయి అదే సంగతి స్టేషన్‌లో చెప్పాలి, డాక్టర్‌కి చెప్పాలి, బీఎన్ఎస్ఎస్, అంటే కొత్త నేర విచారణ చట్టం, 183వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్‌కి చెప్పాలి, ఆఖరికి కోర్టులో చెప్పాలి. మధ్యలో ఇంటర్న్‌కి ఎందుకు? పైగా మీరు నోట్‌బుక్‌లో "రాత్రి తొమ్మిదికి" అని రాసుకున్నారనుకోండి, వాంగ్మూలంలో ఎనిమిదిన్నర అని ఉంటుంది. ఆ కాగితం ఎప్పుడైనా డిఫెన్స్ లాయర్ చేతిలో పడితే అమ్మాయే అబద్ధం చెప్పిందంటాడు. అందుకే మీరు రాసేది వచ్చిన టైమ్, ఎవరితో వచ్చింది, ఏం అడిగింది, ఎవరికి అప్పజెప్పారు. అంతే. "నీళ్లు తాగుతావా, తలుపు వేయమంటావా, పక్కన ఎవరుండాలి" అని అడగండి. అవి తనే తేల్చుకోవాల్సిన విషయాలు.

యాంకర్: తనంతట తనే చెప్పేస్తే?

కౌన్సెలర్: మధ్యలో ఆపొద్దు, వినండి. గుచ్చి గుచ్చి అడగొద్దు. వెంటనే సూపర్‌వైజర్‌ని పిలవండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే ఇంకో జాగ్రత్త ఉంది. "అక్కా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటారు. వెయ్యకూడదు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, ఇంటర్న్‌కీ మినహాయింపు లేదు. ఒట్టేసి మర్నాడు పోలీసులను పిలిస్తే ఆ పాప మళ్లీ ఏ పెద్దవాళ్లనూ నమ్మదు. "నీకు సాయం చేయగలిగినవాళ్లకు మాత్రం చెప్పాలి నాన్నా, ఎవరికి చెప్తున్నానో ముందే నీకు చెప్తా" అనండి.

యాంకర్: ఆస్పత్రికి తోడు వెళ్లేటప్పుడు?

కౌన్సెలర్: టైమ్ ముఖ్యం. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు దాడి జరిగిన 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది. ఎఫ్ఐఆర్ తెమ్మని వైద్యం ఆపకూడదు. బీఎన్ఎస్ఎస్ 397 ప్రకారం ప్రైవేటు ఆస్పత్రి కూడా ఉచితంగా చూడాలి. ఒంటి మీది బట్టలు మార్చుకుని ఉంటే ఉతక్కుండా కాగితం కవర్‌లో తీసుకెళ్లాలి. పాలిథిన్‌లో పెడితే చెమ్మ పట్టి ఆధారం పాడవుతుంది. చాలామంది తల్లులు కంగారులో ముందే ఉతికేస్తారు. అలా జరిగితే తిట్టొద్దు, కేసు పోయినట్టు కాదని చెప్పండి. లైంగిక అనుభవం ఉందో లేదో వేళ్లతో చూసే టూ ఫింగర్ టెస్ట్ చేయకూడదని సుప్రీంకోర్టు 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది. ఎక్కడైనా ఆ మాట వినపడితే ఇంటర్న్ వాదనకు దిగకూడదు, అప్పటికప్పుడు సూపర్‌వైజర్‌కి ఫోన్ చేయాలి.

యాంకర్: కాగితాల పని కూడా ఉంటుందా?

కౌన్సెలర్: ఇంటర్న్‌లు నిజంగా పనికొచ్చేది అక్కడే. స్టేషన్ పరిధి మాది కాదంటే పరిధితో సంబంధం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ అడగొచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ బాధితురాలికి ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకొచ్చిందో 90 రోజుల్లోపు చెప్పాలి. ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. పరిహారానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు, తీర్పు దాకా ఆగక్కర్లేదు, మధ్యంతర పరిహారం ఉంది. పిల్లల కేసుల్లో తిండికి, బట్టలకు, రవాణాకు బాలల సంక్షేమ కమిటీ సిఫారసు చేస్తే వారంలోపు డబ్బివ్వాలని 2020 పోక్సో రూల్స్‌లో ఉంది. ఎవరూ అడగరు గనుక చాలామందికి అది అందదు, నాకు బాధనిపించేది అదే.

యాంకర్: దరఖాస్తులు ఎక్కడ ఆగిపోతాయి?

కౌన్సెలర్: బ్యాంకు ఖాతా దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పాస్‌బుక్‌లో ఒకలా. ఇంకా ఘోరం, పాప ఖాతాకి గార్డియన్‌గా నిందితుడైన తండ్రే ఉంటాడు. అది చూడకుండా పంపితే డబ్బు నేరుగా అతని చేతికే. ఖాతా జిరాక్స్ తీసుకున్నప్పుడే గార్డియన్ పేరు చదవండి.

యాంకర్: చివరికి కాలేజీకి రిపోర్టు రాయాలి కదా?

కౌన్సెలర్: పేరు తీసేస్తే సరిపోతుందనుకుంటారు. ఊరు, బడి, తండ్రి చేసే పని కలిపి రాస్తే మండలంలో అందరికీ తెలిసిపోతుంది. భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 72, పోక్సో 23 ప్రకారం గుర్తింపు బయటపెట్టడం నేరం. ఫైలు ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలే వద్దు. రిపోర్టులో మీరేం నేర్చుకున్నారో రాయండి, కేసు కథ రాయకండి. ఇక వెళ్లిపోయే వారం ముందే ఆ అమ్మాయికి చెప్పి, తర్వాత ఎవరు చూస్తారో వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి పరిచయం చేయండి. మీ సొంత నంబర్ ఇవ్వకండి, కేంద్రం నంబర్ రాసివ్వండి. పరీక్షల్లో ఉండి మీరు ఫోన్ ఎత్తకపోయినా అక్కడ ఎవరో ఒకరు ఎత్తుతారు.