చెట్టు కాపుకొచ్చాక అమ్మేస్తే తోటెలా నిలబడుద్ది? పిట్స్‌బర్గ్ పైరెట్స్ గోల

మొన్న ఆదివారం మా బావ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "ఏరా బామ్మర్దీ, మీ పైరెట్స్ మళ్ళీ ఆఖరేనంటగా, ఆ కోచ్‌ని పీకేసి ఇంకోణ్ణి పెడితే సరిపోద్ది కదా" అన్నాడు. పైరెట్స్ అంటే అమెరికాలో నేనుండే పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ టీమ్. ఇక్కడ ఆఫీసులోనూ ఇదే మాట, పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుళ్ళో భోజనాల లైన్లోనూ ఇదే మాట, దానికి తోడు ఇంకోటి కలుపుతారు, "పాపం చిన్న ఊరు, డబ్బుల్లేవు, వాళ్ళు మాత్రం ఏం చేస్తారులే" అని. ఈ రెండో మాట వింటే నాకు ఒళ్ళు మండుద్ది. ఈ వీడియో దాని కోసమే.

బేస్‌బాల్ ఎలా ఆడతారో ఇప్పుడు చెప్పను, పాత వీడియోల్లో చాలాసార్లు చెప్పుకున్నాం. నేరుగా మ్యాటర్‌లోకి వెళ్దాం.

ముందు కోచ్ సంగతి తేల్చేద్దాం, ఇక్కడ మేనేజర్ అంటారు. బావా, మార్చారు. 2025 మే నెలలో టీమ్ 12 గెలిచి 26 ఓడినప్పుడు డెరెక్ షెల్టన్‌ని తీసేసి డాన్ కెల్లీని పెట్టారు. సీజన్ అయ్యేసరికి 71 గెలుపులు, 91 ఓటములు. అంటే కెల్లీ వచ్చాక 59-65. కాస్త మెరుగే, కాదనను, కానీ డివిజన్లో ఆఖరి స్థానం ఆఖరి స్థానమే. డ్రైవర్‌ని మార్చినంత మాత్రాన ఇంజిన్ మారదు కదా.

ఇప్పుడు మామిడితోట గురించి చెప్తా, వినండి, చివరి దాకా ఇదే పట్టుకుని పోతాం.

మా తాతయ్యకి నూజివీడు దగ్గర నాలుగెకరాల తోట ఉండేది. అంటు మామిడి నాటితే మొదటి నాలుగైదేళ్ళు ఖర్చే, నీళ్ళు పొయ్యాలి, పాదులు తియ్యాలి, ఎండాకాలం రాత్రిళ్ళు మోటారు కోసం కరెంటు ఎప్పుడొస్తుందా అని మేలుకుని కూర్చోవాలి. ఆ తర్వాత కాపు మొదలవుద్ది, అప్పట్నుంచి ఏడాదికేడాదికి చెట్టు బలపడుద్ది. ఇప్పుడు ఒకాయన ఉన్నాడనుకోండి, సరిగ్గా మంచి కాపు మొదలయ్యే ఏడాది చెట్టుని వేళ్ళతో సహా తవ్వి పక్కూరాయనకి అమ్మేసి, దాని బదులు నాలుగు చిన్న మొక్కలు తెచ్చుకుని నాటాడు. మళ్ళీ ఐదేళ్ళు నీళ్ళు పోశాడు, మళ్ళీ అమ్మేశాడు. ఆయన తోటలో ఎప్పుడు చూసినా మొక్కలే ఉంటాయి, కాయ ఉండదు. ఊళ్ళో వాళ్ళేమో "పాపం, నేల మంచిది కాదు" అంటారు.

పైరెట్స్ అంటే ఆ తోటే.

పేర్లతో చూద్దాం. గెరిట్ కోల్, పిచర్, అంటే బాల్ విసిరేవాడు. 2011 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్ళని టీములు వరసగా ఎంచుకునే చోట, మొదటి పిక్ మాదే, పెంచింది మేమే. 2018 జనవరిలో హ్యూస్టన్‌కి ఇచ్చేసి నలుగుర్ని తెచ్చుకున్నారు. కోల్ అక్కడికెళ్ళి 2019లో ఒక్క సీజన్లో 326 స్ట్రైకౌట్లు తీశాడు, అంటే మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చెయ్యడం, ఆ వెంటనే యాంకీస్ 324 మిలియన్ డాలర్లిచ్చి తీసుకుపోయారు. మరి ఆ నలుగురు? అందులో బాగా కుదిరిన మొక్క జో మస్‌గ్రోవ్. వాణ్ణి కూడా 2021 జనవరిలో శాన్ డియేగోకి అమ్మేశారు, మూడు నెలలు తిరక్కుండా వాడు ఆ టీమ్ చరిత్రలోనే మొదటి నో-హిట్టర్, అంటే ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్, వేశాడు. అంటే చెట్టునమ్మి తెచ్చిన మొక్క చెట్టయితే దాన్ని కూడా అమ్మేశారు, అర్థమవుతుందా?

ఇంకోటుంది, ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. 2018 జూలై 31. ఆ రోజు మాత్రం వీళ్ళు అమ్మలేదు, కొన్నారు, క్రిస్ ఆర్చర్ అనే పిచర్ని టాంపా బే రేస్ దగ్గర కొన్నారు. సంతోషమే కదా అనుకుంటాం. కానీ బదులుగా ఏమిచ్చారు, టైలర్ గ్లాస్నౌ, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్. ముగ్గురూ కుర్రాళ్ళే, మొదటి ఇద్దరూ పూత మీదున్నారు, మూడోవాడు ఏడాది కిందట నాటిన మొక్క. మెడోస్ మరుసటేడే ఆల్ స్టార్ అయ్యాడు. 2020 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో రేస్ తరఫున బాల్ పట్టుకుని దిగింది గ్లాస్నౌనే. ఆర్చర్ మాత్రం ఇక్కడ కుదురుకోలేదు, 2020 సీజన్ మొత్తం ఆపరేషన్‌తో పోయింది. గ్లాస్నౌ మా దగ్గరున్నప్పుడు బాల్ స్ట్రైక్ జోన్లో పడక అవస్థ పడేవాడు, వాడే అక్కడికెళ్ళగానే ఎలా మారాడు? మొక్క అదే, మట్టి మారింది. నా బాధంతా ఇక్కడే ఉంది, దీనికి మళ్ళీ వస్తా.

ఇప్పుడు డబ్బుల సంగతి. మనకి ఐపీఎల్ అలవాటు కాబట్టి ఇక్కడే తికమక పడతాం. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ అయినా ముంబై అయినా పర్సు ఒక్కటే, 2025 సీజన్ వేలానికి అందరికీ 120 కోట్లు. బేస్‌బాల్‌లో అలా కాదు, జీతాల ఖర్చుకి పై గీత లేదు, ఒక మొత్తం దాటితే పన్ను కట్టాలంతే. అందరూ పై గీత గురించే మాట్లాడతారు గానీ అసలు మాట ఏంటంటే, కింది గీత కూడా లేదు. ఇంతకన్నా తక్కువ ఖర్చు పెట్టకూడదు అనే రూల్ లేదు. 2025లో డాడ్జర్స్ జీతాల బిల్లు 300 మిలియన్లు దాటితే మా బిల్లు 100 మిలియన్లు కూడా లేదు.

"మరి అదే కదా, చిన్న ఊరు, డబ్బుల్లేవు" అంటారా? ఆగండి. తోటలోకి రండి.

ఊళ్ళో 30 తోటలున్నాయి. ప్రతి తోటాయన తన లోకల్ ఆదాయంలో, అంటే టికెట్లు, లోకల్ టీవీ వగైరాల్లో, ఖర్చులు పోను 48 శాతం తీసుకొచ్చి ఒక కుండలో వెయ్యాలి. ఆ కుండని 30 సమాన భాగాలు చేస్తారు. పెద్ద తోటాయన వేసింది ఎక్కువ, తీసుకునేది తక్కువ. చిన్న తోటాయన వేసింది తక్కువ, తీసుకునేది ఎక్కువ. దీన్నే రెవెన్యూ షేరింగ్ అంటారు. దేశం మొత్తానికి అమ్మే టీవీ హక్కుల డబ్బు ఎలాగూ అందరికీ సమానమే. అంటే ఒక్క కాయ కాయకపోయినా ఏటా ఇంత అని ఇంటికొస్తుంది. ఆ డబ్బు టీమ్ బాగుపడ్డానికే వాడాలని రూలు కూడా ఉంది. అలా వాడట్లేదని 2018లో ఆటగాళ్ళ యూనియన్ నాలుగు టీముల మీద ఫిర్యాదు చేసింది, అందులో మాదొకటి.

2010లో కొన్ని లెక్కల కాగితాలు బయటికి లీకయ్యాయి. వాటి ప్రకారం 2007, 2008 రెండేళ్ళకీ కలిపి పైరెట్స్ లాభం సుమారు 29 మిలియన్ డాలర్లు. ఆ రెండేళ్ళలో టీమ్ ఏం చేసిందో తెలుసా, ఒక ఏడాది 94 మ్యాచ్‌లు, ఇంకో ఏడాది 95 మ్యాచ్‌లు ఓడిపోయింది. పాత లెక్కలే, ఒప్పుకుంటా, కానీ ఓడిపోతూ కూడా లాభం తియ్యొచ్చు అని మాకందరికీ కాగితం మీద తెలిసింది అప్పుడే. స్టేడియం సంగతి కూడా చెప్పాలి. పీఎన్‌సీ పార్క్ 2001లో మొదలైంది, కట్టిన ఖర్చులో ఎక్కువ భాగం జనం డబ్బు. ఊరంతా చందాలేసి బోరు వేయించి ఇచ్చినట్టు. అంత అందమైన గ్రౌండు దేశంలో ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం, సాయంత్రం ఎండలో అలెగెనీ నది మీద ఆ పసుపు రంగు వంతెనలు, వెనకాల ఊరు, ఎవరైనా పిట్స్‌బర్గ్ వస్తే ముందు అక్కడికే తీసుకెళ్తా.

ఇంకో చిన్న మాట, మనకి సంబంధించిందే. 2008లో రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేష్ పటేల్ అని ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళిద్దర్ని సైన్ చేసింది ఈ పైరెట్సే. మేజర్ లీగ్ టీమ్‌తో సైన్ చేసిన మొదటి భారతీయులు వాళ్ళే. ఈ జెండా పట్టుకోడానికి నాకు అదొక కారణం.

సరే, స్కీన్స్ దగ్గరికొద్దాం. పాల్ స్కీన్స్, 2023లో మొదటి పిక్, 2024 మే 11న మొదటి మ్యాచ్, ఆ ఏడాది రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే కొత్తవాళ్ళలో బెస్ట్, 2025లో మంచి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డ్, ఓటేసిన ప్రతి ఒక్కరూ మొదటి ఓటు ఇతనికే వేశారు. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి పోను, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చింది 1.97 రన్లు. మరి 2025లో ఇతని గెలుపోటములు ఎంతో తెలుసా? 10 గెలుపులు, 10 ఓటములు. దేశంలోకెల్లా మంచి పిచర్‌కి ఇదా రికార్డు!

ఆ మే 18 మ్యాచ్ నాకు కళ్ళకి కట్టినట్టుంది. ఫిలడెల్ఫియాలో. స్కీన్స్ ఎనిమిది ఇన్నింగ్స్ మొత్తం తనే వేశాడు (ముందున్న హోం టీమ్ తొమ్మిదోది ఆడక్కర్లేదు), కెరీర్‌లో మొదటి కంప్లీట్ గేమ్, ఇచ్చింది 3 హిట్లు, 1 రన్. మ్యాచ్ 1-0తో ఓడిపోయాం. మా ఆవిడ టీ కప్పు తెచ్చి పక్కన పెట్టింది, అది చల్లారిపోయి మీద మీగడ కట్టింది, నేను అలాగే టీవీ వంక చూస్తూ కూర్చున్నా. ఒక్క రన్ చాలు, ఒక్కటంటే ఒక్కటి, మ్యాచ్ బతికేది. ఆ సీజన్లో 30 టీముల్లోనూ అతి తక్కువ హోం రన్లు మావే, అతి తక్కువ రన్లు కూడా మావే. తోట మధ్యలో బంగారం లాంటి చెట్టు పెట్టుకుని చుట్టూ కంచె వెయ్యకుండా వదిలేశారు.

ఇప్పుడు రూలు చూడండి. ఆటగాడు మేజర్ లీగ్‌లోకొచ్చాక ఆరేళ్ళ సర్వీస్ దాకా టీమ్ చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్ళు దాదాపు కనీస జీతం, 2025లో అది 7,60,000 డాలర్లు, తర్వాతి మూడేళ్ళు ఆర్బిట్రేషన్, అంటే జీతం కుదరకపోతే మధ్యవర్తి తేలుస్తాడు, ఆ తర్వాత ఫ్రీ ఏజెంట్, ఏ టీమ్‌కైనా వెళ్ళొచ్చు. 2025లో స్కీన్స్‌కి టీమ్ ఇచ్చిన జీతం పది లక్షల డాలర్లు కూడా లేదు, లీగ్ బోనస్ పూల్ నుంచి వచ్చేది వేరే. అంటే ఇంత మంచి చెట్టు మన చేతిలో ఇంత చవగ్గా ఉన్న టైమ్ ఇదే, మిగిలిన డబ్బుతో బ్యాటర్లని కొనాల్సిన టైమ్ కూడా ఇదే. 2024లో ఆలస్యంగా తెచ్చినా, రూకీ అవార్డ్ గెలిస్తే పూర్తి ఏడాది లెక్క కట్టాలని 2022 నుంచి రూలుంది కాబట్టి ఒక ఏడాది అప్పుడే తగ్గిపోయింది. 2029 సీజన్ అయ్యాక ఫ్రీ ఏజెంట్.

"చిన్న ఊరు అంతకన్నా ఏం చేస్తుంది" అనేవాళ్ళకి నా సమాధానం రెండు ఊళ్ళు. కాన్సస్ సిటీ, మనకంటే పెద్ద మార్కెట్ ఏం కాదు, 2024లో బాబీ విట్ జూనియర్‌కి 11 ఏళ్ళకి 288.8 మిలియన్లిచ్చి కట్టేసుకుంది. 2025 దాకా మా టీమ్ చరిత్రలో పెద్ద కాంట్రాక్ట్ 2023లో బ్రయన్ రెనల్డ్స్‌కి ఇచ్చిన 106.75 మిలియన్లు. రెండోది మిల్వాకీ, మనకన్నా చిన్న మార్కెట్, 2025లో 97 మ్యాచ్‌లు గెలిచింది, ఆ సీజన్లో అందరికన్నా ఎక్కువ. వాళ్ళు కూడా చెట్లమ్ముతారండోయ్, కార్బిన్ బర్న్స్‌ని 2024లో అమ్మేశారు. కానీ తెచ్చిన మొక్క వాళ్ళ మట్టిలో బతుకుద్ది. బ్యాటర్‌ని ఎలా తయారుచెయ్యాలో, పిచర్ గ్రిప్ ఎక్కడ మార్చాలో చెప్పే మనుషుల మీద, మెషిన్ల మీద ఖర్చు పెడతారు. ఇందాక గ్లాస్నౌ దగ్గర ఆపిన మాట ఇదే. అమ్మడం ఒక్కటే రోగమైతే మిల్వాకీ కూడా ఓడాలి కదా. పెంచడం రాకపోవడం, పెరిగినదాన్ని నిలుపుకోకపోవడం, రెండూ కలిసాయి మాకు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా.

2025 ఏప్రిల్‌లో రైట్ ఫీల్డ్ గోడ మీద రొబెర్టో క్లెమెంటే 21 నంబర్ గుర్తు తీసేసి అక్కడ యాడ్ పెట్టారు. క్లెమెంటే అంటే మా టీమ్ పాత ఆటగాడు, 1972 డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకి సరుకులు తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయిన మనిషి, ఆ గోడ ఎత్తు 21 అడుగులు పెట్టిందే ఆయన కోసం. కుటుంబం బాధపడింది, జనం తిట్టారు, గుర్తు మళ్ళీ పెట్టారు. దీనికి డబ్బుల్లేవని ఎవరూ అనలేరుగా.

జనానికి ఆట మీద ఇష్టం లేదు అనేవాళ్ళకి 2013 అక్టోబర్ 1. వరుసగా 20 సీజన్లు ఓడాక వచ్చిన మొదటి ప్లేఆఫ్ మ్యాచ్. నేనప్పుడు ఇక్కడ స్టూడెంట్‌ని, టికెట్ కొనే స్తోమత లేదు, క్లెమెంటే వంతెన మీద నిలబడ్డా. లోపల అందరూ నల్ల బట్టలు, సిన్సినాటి పిచర్ పేరు పట్టుకుని "క్వే...టో, క్వే...టో" అని అరుపు, వంతెన ఇనుప రెయిలింగ్ మీద చెయ్యేస్తే ఆ అరుపు అరచేతికి తెలిసింది. అతని చేతిలోంచి బాల్ జారి కింద పడింది, ఆ తర్వాతి బాల్‌కే రసెల్ మార్టిన్ హోం రన్. 2013, 14, 15 మూడేళ్ళూ ప్లేఆఫ్స్, 2015లో 98 గెలుపులు. ఇదే ఊరు, ఇదే ఓనర్, బాబ్ నటింగ్ 2007 నుంచీ ఉన్నాడు. ఇదే నేలలో కాయ కాసింది.

లీగ్‌కీ ఆటగాళ్ళకీ ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1న అయిపోతుంది. ఓనర్లు పై గీత కావాలంటారు. కింది గీత లేకుండా పై గీత ఒక్కటే పెడితే మా తోటలో మొక్క కూడా ఎదగదు, బావా, ఇది మాత్రం గుర్తుపెట్టుకో. ఆర్బిట్రేషన్ లెక్క వచ్చే వీడియోలో. ఏప్రిల్‌లో మొదటి హోం మ్యాచ్‌కి మూడు టికెట్లు తీశా, మా పాపకి ఇదే మొదటి మ్యాచ్, 30 నంబర్ స్కీన్స్ జెర్సీ ఇప్పటికే వేసుకుని ఇల్లంతా తిరుగుతోంది.