బూతు సరే, వెటకారాన్ని ఎవరు ఆపాలి?

(ఆన్‌లైన్ కామెంట్లలో తిట్లు, ట్రోలింగ్ మీద జరిగిన వారాంతపు చర్చా కార్యక్రమం నుంచి. స్టూడియోలో యాంకర్‌తో పాటు సినిమా రివ్యూలు చెప్పే ఒక యూట్యూబర్, హైదరాబాద్‌లో కంటెంట్ మోడరేటర్‌గా (సోషల్ మీడియా పోస్టులు చూసి, ఉంచాలో తీసేయాలో తేల్చే పని) చేసి మానేసిన ఒకాయన, సైబర్ కేసులు చూసే ఒక మహిళా లాయర్ ఉన్నారు. అతిథులు వద్దన్నారు కాబట్టి పేర్లు వేయడం లేదు.)

యాంకర్: నమస్కారం. ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టేద్దాం. మేడమ్, ఒక పెద్ద హీరో సినిమా బాగోలేదని మీరు చెబితే వీడియో కింద ఏం జరుగుతుంది?

యూట్యూబర్: సినిమా గురించి మాట్లాడేవాళ్లు తక్కువండీ. ముందు నా కులమేంటో వెతుకుతారు. తర్వాత నేను ఏ హీరో ఫ్యానో తేల్చేస్తారు, ఎవరి దగ్గర డబ్బు తీసుకున్నానో కూడా వాళ్లే చెప్పేస్తారు. అదంతా అయ్యాక నా మొహం, నా చీర, నా వయసు. మగ రివ్యూయర్‌ని అయితే వీడికి సినిమా తెలీదంటారు, నన్ను వెళ్లి వంట చేసుకోమంటారు. శుక్రవారం పొద్దున వీడియో పెడితే మధ్యాహ్నానికి ఇదంతా అయిపోతుంది, సాయంత్రానికి రెండు ఫ్యాన్ గ్రూపులు నన్ను వదిలేసి వాళ్లలో వాళ్లే కొట్టుకుంటుంటాయి.

యాంకర్: డిలీట్ చేయొచ్చు కదా?

యూట్యూబర్: చేస్తాను. ఫలానా మాటలు వస్తే కామెంట్‌ని ఆపేయమని యూట్యూబ్‌లో లిస్ట్ పెట్టుకోవచ్చు. నా లిస్ట్ చూస్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు, అంత ఘోరంగా ఉంటుంది. కానీ ఒక్కో బూతుకి పది స్పెల్లింగులు. తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు కదా, ఒకడు అచ్చు రెండుసార్లు వేస్తాడు, ఇంకొకడు మధ్యలో చుక్క పెడతాడు, మరొకడు అక్షరం బదులు అంకె వేస్తాడు. నేను ఒకటి చేర్చేలోపు వాళ్లు కొత్తది కనిపెడతారు.

మోడరేటర్: మెషీన్‌ని అని లాభం లేదండీ, దానికి నేర్పితే కదా. గూగుల్ వాళ్ల జిగ్సా 2017లో పర్‌స్పెక్టివ్ అని ఒక టూల్ తెచ్చింది, కామెంట్‌లో ఎంత విషం ఉందో స్కోరు ఇవ్వడానికి. దానికి నేర్పిన భాషల్లో హిందీని చేర్చారు, హింగ్లిష్‌ని కూడా చేర్చారు. తెలుగుని చేర్చలేదు. 2011 జనాభా లెక్కల నాటికే మనం 8 కోట్ల పైచిలుకు మందిమి, ఇన్ని కోట్ల మంది తిట్టుకుంటుంటే ఆ భాష ఎవరికీ పట్టలేదు.

యాంకర్: మరి మనుషులు ఉన్నారు కదా, మీలాంటి వాళ్లు?

మోడరేటర్: ఉన్నారు, ఎలా ఉన్నారన్నది చెబుతాను. నేను ఏ కంపెనీలో చేశానో చెప్పను. 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ ఒక కథనం రాసింది, ఫేస్‌బుక్ పోస్టులు చూసే పని హైదరాబాద్‌లో ఒక అవుట్‌సోర్సింగ్ ఆఫీసుకి ఇచ్చారు, ఎనిమిది గంటల షిఫ్టులో 2,000 పోస్టులు చూడాలని ఉద్యోగులు చెప్పారు. ఆ అంకె సరికాదని కంపెనీలు అన్నాయి. సరే, అందులో సగమే అనుకుందాం, ఒక్కోదానికి అర నిమిషం కూడా రాదు. ఆ అర నిమిషంలో అది సరదానా, బెదిరింపా, ఏ ఊరి మాట, ఏ కులం మీద ఎత్తిపొడుపు, అన్నీ తేల్చాలి. కోస్తా కుర్రాడికి తెలంగాణ మాటలో ఉన్న ప్రేమ తిట్టులా కనిపిస్తుంది, తెలంగాణవాడికి కోస్తా మర్యాదలో ఉన్న ఎత్తిపొడుపు అసలు కనపడనే కనపడదు. ఈ పని చేసి మనసు పాడైందని అమెరికాలో మోడరేటర్లు కోర్టుకెక్కితే 2020లో ఫేస్‌బుక్ 5.2 కోట్ల డాలర్లకి రాజీకి వచ్చింది. మన దగ్గర మానేసినవాడు మానేసినట్టే.

లాయర్: ఒక్క నిమిషం. తిట్లన్నీ నేరాలు కావు, ఇది ముందే చెప్పుకోవాలి. సినిమా చెత్తగా ఉందని మేడమ్ అనొచ్చు, రివ్యూ చెత్తగా ఉందని వాళ్లూ అనొచ్చు. వెంటపడటం, చంపుతామనడం, మార్ఫింగ్ ఫొటోలు పెట్టడం, ఇంటి అడ్రస్ బయటపెట్టడం, ఇవి వేరు. ఆడవాళ్లని ఆన్‌లైన్‌లో వెంటాడినా, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ వర్తిస్తుంది. పేరు దాచుకుని బెదిరిస్తే 351వ సెక్షన్‌లో మామూలు శిక్షకి తోడు ఇంకో రెండేళ్ల వరకు పడొచ్చు. ఫేక్ ఐడీ వెనక కూర్చున్నవాళ్లకి ఇది తెలీదు.

యాంకర్: అయితే ట్రోలింగ్‌కి విడిగా ఒక గట్టి చట్టం తెస్తే సరిపోతుందా?

లాయర్: తెచ్చారండీ, చూశాం. ఐటీ చట్టంలో 66ఏ ఉండేది, ఎవరికైనా చికాకు తెప్పించే మెసేజ్ పంపినా మూడేళ్ల వరకు జైలు. 2012 నవంబర్‌లో శివసేన నాయకుడు బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై బంద్ గురించి ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది, పాల్ఘర్‌లో ఇద్దరినీ అరెస్ట్ చేశారు. లైక్ కొట్టినందుకు! 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. కొట్టేశాక కూడా స్టేషన్లలో దాని కింద కేసులు రాస్తూనే ఉన్నారు, 2022లో కోర్టు మళ్లీ ఆపమనాల్సి వచ్చింది. అలాంటి చట్టం ముందు అధికారంలో ఉన్నవాళ్లని తిట్టినవాడి మీద పడుతుంది, ఈ మేడమ్‌ని తిట్టినవాడి దాకా వచ్చేసరికి స్టేషన్లో ఎవరికీ తీరికుండదు.

యాంకర్: సోషల్ మీడియా ఖాతాలకి ఆధార్ లింక్ చేయాలని మన చాట్‌లో చాలామంది రాస్తున్నారు.

మోడరేటర్: దక్షిణ కొరియా అలాంటిదే చేసింది. పెద్ద సైట్లలో ఏదైనా రాయాలంటే అసలు మనిషెవరో చూపించాలని 2007లో రూలు పెట్టారు. 2011లో అక్కడ పెద్ద సైట్ల మీద హ్యాకింగ్ జరిగి 3.5 కోట్ల మంది వివరాలు పోయాయి. మరుసటి ఏడాది ఆగస్టులో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం ఆ రూలునే రద్దు చేసింది.

యూట్యూబర్: అసలు నన్ను తిట్టేవాళ్లలో చాలామంది సొంత పేరుతో, పెళ్లి ఫొటో డీపీగా పెట్టుకుని తిడతారండీ. ఒకాయన డీపీలో మనవరాలు ఉంది. ఆధార్ చూపించి మరీ తిడతారు వాళ్లు.

యాంకర్: (నవ్వుతూ) అంటే ట్రోల్స్ అనేవాళ్లు వేరే జాతి కాదంటారు.

మోడరేటర్: కాదు. 2017లో స్టాన్‌ఫర్డ్, కార్నెల్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొందరికి తేలిక పరీక్ష పెట్టారు, కొందరికి కష్టమైనది పెట్టి మూడ్ పాడుచేశారు. తర్వాత ఒక వార్త ఇచ్చి కామెంట్ రాయమన్నారు, అక్కడ ముందే కొన్ని కామెంట్లు ఉంటాయి, కొందరికి సవ్యమైనవి, కొందరికి చెత్తవి. మూడ్ బాగుండి, పైన సవ్యమైనవే ఉన్నచోట చెడ్డగా రాసినవి 35 శాతం. రెండూ చెడిన చోట 68 శాతం. మనుషులు మామూలువాళ్లే. అందుకే మా టీమ్‌లో నేను ఎప్పుడూ గొడవపడేవాణ్ణి, రాత్రికి వంద తీసేయడం కంటే మొదటి గంటలో ఐదు తీసేయడం మేలు అని. వినరు, ఎందుకంటే మా పనితనం లెక్క ఎన్ని చూశామన్న దాని మీదే.

యూట్యూబర్: అది నిజం, నేను అదే చేస్తున్నాను. వీడియో పెట్టగానే నేనే ఒక ప్రశ్న రాసి పైన పిన్ చేస్తాను, సెకండాఫ్‌లో మీకు ఎక్కడ బోర్ కొట్టింది అని. దాని కింద జవాబులు వస్తే వచ్చేవాళ్లు ఆ దారిలో పడతారు. ఎవడైనా మరీ మితిమీరితే ఛానెల్ నుంచి హైడ్ చేస్తాను. బ్లాక్ చేశానని తెలిస్తే కొత్త ఐడీతో వస్తాడు, హైడ్ చేస్తే అతను రాసుకుంటూ పోతాడు, ఎవరికీ కనపడదు.

లాయర్: ఇక్కడే నాకు ఇబ్బంది. ఇదే పని ఒక ఎమ్మెల్యే గారి పేజీ చేస్తే? మా వీధిలో డ్రైనేజీ పొంగుతోందని రాసినవాణ్ణి హైడ్ చేస్తే అతనికి తెలియను కూడా తెలియదు, సమాధానం కోసం చూస్తుంటాడు. వ్యాపారుల పేజీలు చూడండి, వస్తువు పాడైందన్న కామెంట్లు మాయం, సూపర్ బ్రో అన్నవి మాత్రం భద్రంగా ఉంటాయి. ట్రోలింగ్ అని పేరు పెట్టి విమర్శని తీసేయడం చాలా తేలిక.

మోడరేటర్: నేను పెట్టుకున్న గీత ఒకటే. మేడమ్ చేసిన పని మీద ఎంత కటువుగా రాసినా ఉంచుతాను. ఒళ్లు, కులం, ఇంట్లోవాళ్లు, వీటి జోలికొస్తే తీసేస్తాను.

యూట్యూబర్: చెప్పడానికి బానే ఉంది. 'ఆంటీ గారు చాలా బాగా చెప్పారు' అని ఉంటే? ఉంచుతారా, తీస్తారా?

మోడరేటర్: ...ఎవరు రాశారో చూడాలి.

యూట్యూబర్: అదే! ఒక్కటొస్తే ఏం కాదు. మూడు వందల మంది అదే రాస్తే? 2022 ఆగస్టులో నటి, యాంకర్ అనసూయ గారు ఆ మాటతో తనని వేధిస్తున్నారని, పోలీసులకి ఫిర్యాదు చేస్తానని బయటికి చెప్పారు. చెప్పిన రోజు నుంచి అదే మాట ట్రెండింగ్. ఒక్కో కామెంట్ విడిగా చూస్తే ఎందులోనూ బూతు లేదు, ఏ లిస్ట్‌కీ దొరకదు. గుంపుగా వచ్చినప్పుడే అది దెబ్బ. మీరు అర నిమిషంలో ఒక్కోటి చూసేవాళ్లు కదా, గుంపు మీకెలా కనపడుతుంది?

మోడరేటర్: కనపడదు. క్యూలో మాకు ఒక్కో కామెంటే వస్తుంది. అది ఒప్పుకోవాల్సిందే.

లాయర్: సరే, ఒకటి అడుగుతాను, యాంకర్ గారినే. ఈ చర్చకి యూట్యూబ్‌లో ఏ థంబ్‌నెయిల్ పెడతారు?

యాంకర్: అది డిజిటల్ టీమ్ చూసుకుంటుందండీ...

లాయర్: 'లైవ్‌లో యాంకర్‌కి దిమ్మతిరిగే కౌంటర్' అని పెడతారు. నా మొహం ఎర్రగా చేసి, బాణం గుర్తు వేసి. చూసినవాడు కొట్లాట కోసమే లోపలికొస్తాడు, కొట్లాట కనపడకపోతే కామెంట్లలో వాడే మొదలుపెడతాడు. తర్వాత మనమంతా కూర్చుని సమాజం చెడిపోయిందని చర్చ పెడతాం.

యాంకర్: వ్యూస్ రాకపోతే కార్యక్రమమే ఉండదు మేడమ్, అదీ నిజమే కదా.

లాయర్: నిజమే. అయితే తప్పంతా కామెంట్ రాసినవాడిదేనని మాత్రం అనకండి.

యాంకర్: సరే... చాట్ నుంచి చివరి ప్రశ్న, విశాఖ నుంచి ఒక చెల్లెమ్మ అడుగుతున్నారు. కాలేజీ వీడియో కింద తన గురించి అసహ్యంగా రాశారట, వెంటనే డిలీట్ చేయించాలా అని.

లాయర్: అమ్మా, ముందు దాచు, తర్వాత తీయించు. కామెంట్ ఒక్కటే స్క్రీన్‌షాట్ తీస్తే చాలదు, ఆ ఖాతా లింక్, వీడియో లింక్, తేదీ, టైమ్ కూడా ఉండాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ వేదికకి ఫిర్యాదుల అధికారి ఉంటారు, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. అక్కడ పని కాకపోతే అప్పీలు చేసుకోవడానికి 2023 నుంచి ప్రభుత్వ అప్పిలేట్ కమిటీలున్నాయి. బెదిరింపు ఉంటే నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాయొచ్చు, నేరుగా స్టేషన్‌కీ వెళ్లొచ్చు. కోర్టు దాకా వెళితే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడుగుతారు, కాబట్టి స్క్రీన్‌షాట్ తీసిన ఫోన్‌ని అమ్మేయకు.

యూట్యూబర్: అంటే ఆ చెత్తంతా మన ఫోన్‌లోనే పెట్టుకోవాలి.

లాయర్: తప్పదు. విడిగా ఫోల్డర్ పెట్టి, ఇంట్లో నమ్మకమైనవాళ్లకి ఆ పని అప్పజెప్పండి.

యూట్యూబర్: నాకు మా తమ్ముడు చేసేవాడు. రెండు సినిమాలకే వద్దక్కా అన్నాడు.

మోడరేటర్: రాత్రిపూట చూడనివ్వకండి. పొద్దున, ఒక అరగంట, శబ్దం ఆపేసి. మా ఆఫీసులో పాతవాళ్లు కొత్తవాళ్లకి ముందు చెప్పేది అదే.