హామర్‌షోల్డ్ విమానం: బట్టీ కాడ మేలుకున్నవాళ్ళ మాట ఎవరు విన్నారు?

[ఉదయగిరి వైపు రోడ్డు పక్కన మెట్టపొలం. వెనక బొగ్గుబట్టీ నుంచి పొగ లేస్తోంది.]

నమస్తే అన్నా, నమస్తే అక్కా. 1961లో ఆఫ్రికాలో విమానం కూలి చనిపోయిన డాగ్ హామర్‌షోల్డ్ పేరెత్తితే చాలు, నాకు రెండు రకాల మనుషులు తగులుతున్నారు. ఒకళ్ళేమో "ఆయన్ని సీఐఏ లేపేసింది, ఎప్పుడో తేలిపోయింది కదన్నా" అంటారు. ఇంకొకళ్ళు "పైలెట్ పొరపాటు. రిపోర్టు ఉంది. మిగతావన్నీ కట్టుకథలు" అంటారు. రెండూ తప్పే. కానీ నాకు ఒళ్ళు మండేది రెండో మాటకి. రిపోర్టు ఉంది అంటారే గానీ, ఎన్ని రిపోర్టులున్నాయి, ఏది ఏం చెప్పింది, ఒక్కరూ చూసిన పాపాన పోరు.

ఆయన ఐక్యరాజ్యసమితి రెండో సెక్రటరీ జనరల్, స్వీడన్ మనిషి, చనిపోయాక నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. ఇదంతా గ్రూప్స్‌కి చదివేవాళ్ళకి కంఠతా వచ్చు, వదిలేస్తున్నా. నేను ఈ బట్టీ కాడికి ఎందుకొచ్చానో ముందు అది చెప్పాలి.

[కెమెరా బట్టీ దగ్గరికి]

ఉదయగిరి, కలిగిరి, కొండాపురం వైపు తిరిగేవాళ్ళకి ఇది కొత్తేం కాదు. సర్కారు తుమ్మ కొట్టి, మొద్దులు గుండ్రంగా పేర్చి, పైన ఆకూ కసువూ కప్పి, ఆపైన తడిమట్టి మెత్తుతారు. అడుగున బెజ్జాలు వదిలి నిప్పు పెడతారు. ఇందులో కట్టె మండకూడదు, మగ్గాలి. పొగ తెల్లగా దట్టంగా వస్తున్నంతసేపూ పచ్చి ఆరుతున్నట్టు. పలచబడి నీలంగా తిరిగితే బొగ్గు అవుతున్నట్టు. మట్టికప్పు ఎక్కడన్నా నెర్రె ఇచ్చి గాలి దూరిందా, పొద్దునకల్లా బొగ్గు బదులు బూడిద. అందుకే రాత్రంతా ఒక మనిషి మేలుకుని దీని చుట్టూ తిరుగుతుంటాడు. నెర్రె కనపడితే తడిమట్టి కొట్టి మూస్తాడు. మన జిల్లాలో ఈ పని ఎక్కువగా చేసేది యానాది కుటుంబాలు. ఊరంతా గుర్రుపెట్టి నిద్రపోతుంటే చీకట్లో కళ్ళు తెరుచుకుని ఉండేది వీళ్ళే. పొగ రంగు మారినా, చెట్ల వెనక కొత్త వెలుతురు కనపడినా ముందు పసిగట్టేదీ వీళ్ళే.

ఈ మనిషిని గుర్తుపెట్టుకోండి. 1961 సెప్టెంబర్ 17 అర్ధరాత్రి, ఆ విమానం పడ్డ ఎన్‌డోలా అడవిలో సరిగ్గా ఇట్టాంటి మనుషులే మేలుకుని ఉన్నారు. అక్కడా బొగ్గు కాల్చేవాళ్ళే.

[మ్యాప్: కాంగో, కటాంగా, ఎన్‌డోలా]

గబగబా నేపథ్యం చెప్పేస్తా. కాంగోకి 1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చింది. జులై 11కల్లా కటాంగా రాష్ట్రం మేం వేరే దేశం అని కూర్చుంది. అక్కడ రాగి ఉంది, కోబాల్టు ఉంది, యురేనియం ఉంది, బెల్జియం గనుల కంపెనీ యూనియన్ మినియేర్ ఉంది. ఇంక చెప్పక్కర్లేదు. కటాంగా నాయకుడు చోంబే, ఆయన వెనక కిరాయి సైనికులు. ఎదురుగా ఐక్యరాజ్యసమితి దళాలు. వాటిలో మన భారత సైన్యం బ్రిగేడ్ కూడా ఉంది. పరమవీర చక్ర కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా ప్రాణం వదిలింది ఈ గొడవలోనే, 1961 డిసెంబర్‌లో. 1961 సెప్టెంబర్ 13న కటాంగా రాజధాని ఎలిజబెత్‌విల్‌లో పెద్ద పోరు మొదలైంది. దాన్ని ఆపడానికి చోంబేతో మాట్లాడదామని హామర్‌షోల్డ్ స్వయంగా బయల్దేరాడు. కలవాల్సిన చోటు ఎన్‌డోలా. ఇప్పుడది జాంబియా, అప్పట్లో ఉత్తర రొడీషియా, తెల్లవాళ్ళ పాలన. ఆ రొడీషియా ఫెడరేషన్ ప్రధాని రాయ్ వెలెన్‌స్కీ బాహాటంగా చోంబే పక్షం. ఇది కాస్త మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

విమానం డీసీ-6, పేరు ఆల్బర్టీనా. మనుషులు 16 మంది. అదే రోజు పొద్దున ఎలిజబెత్‌విల్ నుంచి లేస్తుంటే దాని మీద తుపాకీ కాల్పులు జరిగాయి. కాంగో రాజధాని లియోపోల్డ్‌విల్‌లో రిపేరు చేశారు. ఆ తర్వాత తాళం వేశారు గానీ కాపలా మాత్రం పెట్టలేదు. యుద్ధం నడుస్తోంది, ఎక్కబోయేది ప్రపంచ సంస్థ పెద్ద, విమానం దగ్గర ఒక్క సెంట్రీ లేడు! కటాంగా దగ్గర ఫూగా మెజిస్టర్ అనే జెట్ ఉంది, ఐక్యరాజ్యసమితి వాళ్ళని ముప్పుతిప్పలు పెడుతోంది. దాని భయానికే వెళ్ళే చోటు వేరేగా రాయించి, తూర్పుగా టాంగన్యీకా సరస్సు వైపు చుట్టు తిరిగి, చాలాసేపు రేడియో మూసుకుని వెళ్ళారు. అర్ధరాత్రి దాటి పది నిమిషాలకి ఎన్‌డోలా టవర్‌కి చెప్పారు: మీ లైట్లు కనపడుతున్నాయి, ఊరి మీదున్నాం, దిగుతున్నాం.

అంతే. ఆ తర్వాత ఉలుకూ లేదు పలుకూ లేదు.

ఇప్పుడు వినండి, నాకు అసలు మింగుడుపడనిది ఇదే. ఎయిర్‌పోర్టులో బ్రిటిష్ హైకమిషనర్ లార్డ్ ఆల్‌పోర్ట్ కూర్చునున్నాడు. తల మీద తిరిగిన విమానం దిగలేదు. "వేరే ఎక్కడికన్నా వెళ్ళుంటాడులే" అన్నాడాయన. సరేనని అందరూ పడుకున్నారు. విమానం పడింది ఎయిర్‌పోర్టుకి 15 కిలోమీటర్ల దూరంలో. అధికారికంగా దాన్ని కనుక్కున్నది మరుసటి రోజు మధ్యాహ్నం మూడు దాటాక. పదిహేను గంటలు!

మరి అప్పటిదాకా ఎవరికీ తెలియదా? తెలుసు. తెల్లారేసరికే బొగ్గు కాల్చేవాళ్ళు అక్కడికి చేరారు. పక్కనున్న ట్వాపియా బస్తీలో పనిచేసే తిమోతీ కంకాసా, బొగ్గువాళ్ళు వచ్చి చెబితే పొద్దున తొమ్మిది దాటగానే పోలీసులకి కబురు చేశానని చెప్పాడు. పోలీసులు కదిలింది మధ్యాహ్నం. ఈలోగా ఒకాయన ఆ ఎండలో కాలిన ఒంటితో బతికే ఉన్నాడు. హెరాల్డ్ జూలియన్, అమెరికన్, సెక్యూరిటీ సార్జెంట్. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయాడు. విమానం పేలింది, ఆకాశంలో నిప్పురవ్వలు కనిపించాయి అని చెప్పాడు.

[స్క్రీన్ మీద: జూలియన్ మాట, కమిషన్ మాట, పక్కపక్కన]

రొడీషియా విచారణ కమిషన్ ఏమంది? పలవరించాడు అంది. వైద్యం చేసిన డాక్టరేమో మనిషి తెలివిలోనే మాట్లాడాడన్నాడు.

బట్టీ కాడికి మళ్ళీ వస్తా. ఎన్‌డోలా చుట్టుపక్కల మనుషులు చాలామంది చూసింది చెప్పారు. పెద్ద విమానం వెంట చిన్న విమానం వచ్చిందని కొందరు, ఆకాశంలో మెరుపు లాంటి వెలుతురు చూశామని కొందరు. బొగ్గు కాల్చడం నేర్చుకుందామని ఆ రాత్రి తోటివాడితో అడవికెళ్ళిన ఒకాయనైతే, మంటలతో కిందికొస్తున్న పెద్ద విమానాన్నీ, దాని వెనక జెట్ లాంటి ఇంకో విమానాన్నీ చూశాననే చెప్పాడు. రాత్రంతా నిప్పునీ పొగనీ చూస్తూ కూర్చునే మనిషికి, ఏది బట్టీ మంటో ఏది ఆకాశంలో మంటో తేడా తెలీదంటారా? తెలీదనే తేల్చారు అక్కడ. నల్లవాళ్ళ సాక్ష్యాలు నమ్మదగినవి కావన్నారు, రాజకీయం ఉందన్నారు. శకలాల్లో దొరికిన, రహస్య సందేశాలు రాసే కోడ్ మిషన్ తీసుకెళ్ళారని ముగ్గురు బొగ్గువాళ్ళని జైల్లో పెట్టారు. ఆ తర్వాత నోరు విప్పేదెవరు? పోలీస్ స్టేషన్ మెట్లెక్కడానికి మన యానాది మనిషి ఎందుకు జంకుతాడో తెలిసినవాళ్ళకి నేను విడమర్చక్కర్లేదు.

ఇక్కడే ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే నేనూ మొదటి రకం మనిషినే అవుతా. చిన్న విమానం సాక్ష్యాల్లో కొన్ని యాభై ఏళ్ళ తర్వాత స్వీడన్ పరిశోధకుడు యోరన్ బ్యోర్క్‌డాల్ తిరిగి సేకరించినవి. జ్ఞాపకం రంగు మార్చుకుంటుంది. పైలెట్ పొరపాటు అనే వాదనకీ బలం లేకపోలేదు. చక్రాలు దించి ఉన్నాయి, లైట్లు వేసి ఉన్నాయి, విమానం ఏటవాలుగా చెట్లని కోసుకుంటూ దిగింది. అంటే గాల్లోనే ముక్కలైపోలేదు. రాత్రి, తెలియని ఊరు, అలసిన సిబ్బంది. కిందికి ఎక్కువగా వచ్చేసి ఉండొచ్చు, ఎవరు కాదన్నారు?

కానీ "ఉండొచ్చు" వేరు, "ఇదే" వేరు. రొడీషియా కమిషన్ 1962 ఫిబ్రవరిలో "ఇదే" అంది. ఎట్టా తేల్చారు? మిగతా నెర్రెలన్నీ మూసేసి. జూలియన్ మాట దగ్గర పొగ వచ్చింది, పలవరింత అని తడిమట్టి. బొగ్గువాళ్ళ దగ్గర పొగ వచ్చింది, రాజకీయం అని ఇంకో ముద్ద. టవర్‌లో మాటలు రికార్డు చేసిన టేపు లేదు, దాని మీద ఇంకో ముద్ద. ఎటు చూసినా కప్పు నున్నగా ఉంది, లోపల ఒక్క కారణమే మగ్గి మిగిలింది. విచారించినదేమో చోంబేకి మద్దతిచ్చిన ప్రభుత్వమే వేసిన కమిషన్!

అదే ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి సొంత కమిషన్ రిపోర్టు ఇచ్చింది. అధ్యక్షుడు నేపాల్‌కి చెందిన రిషికేశ్ షాహా. కుట్రో దాడో జరగలేదని చెప్పలేం, పైలెట్ పొరపాటనీ తేల్చలేం అని వదిలేశారు. "రిపోర్టు ఉంది" అనేవాళ్ళు ఈ రెండో రిపోర్టు ఊసే ఎత్తరు. నాకు మంట అందుకే.

అయ్యో, కెమెరా బ్యాటరీ ఎర్రగా చూపిస్తోంది. మిగతాది పరుగున చెప్పేస్తా.

హామర్‌షోల్డ్ నుదుట తూటా గాయం, కాలర్‌లో పేకముక్క... థంబ్‌నెయిళ్ళలో ఇవే పెడుతున్నారు, చూసే ఉంటారు. ఆయన శవం కాలకుండా, శకలాలకి కాస్త ఎడంగా, పుట్టకి ఆనుకుని దొరికింది నిజమే. కానీ తూటా కథని 2013లో బ్రిటన్ రిటైర్డ్ జడ్జి స్టీఫెన్ సెడ్లీ కమిషన్ కోసం చూసిన వైద్య నిపుణులు సమర్థించలేదు. కాబట్టి దాన్ని వదిలేయండి. అదే కమిషన్ మాత్రం, కొత్త ఆధారాలున్నాయి, కేసు తెరవాలి అంది.

ట్రూమన్ ఉన్నాడే, అమెరికా మాజీ ప్రెసిడెంటు, హామర్‌షోల్డ్ చావు తర్వాత రెండో రోజే "వాళ్ళు చంపేశారు" అనే అర్థంలో విలేకరులతో అన్నాడు. వాళ్ళంటే ఎవరో చెప్పలేదు. దాని మీదే ఒక వీడియో చేయొచ్చు, ఇప్పుడు టైం లేదు.

చార్లెస్ సౌతాల్: అమెరికా నేవీ ఆఫీసరు, ఆ రాత్రి సైప్రస్‌లో రేడియోలు వినే స్టేషన్లో ఉన్నాడు. ఒక పైలెట్ విమానాన్ని కొట్టాను, మంటలొస్తున్నాయి, పడిపోతోంది అన్న మాటల రికార్డింగ్ విన్నానని చెప్పాడు. ఫూగా పైలెట్ ఎవరు, అది అంత దూరం రాగలదా అన్నది పెద్ద తగాదా. దక్షిణాఫ్రికాలో 1998లో బయటపడ్డ కాగితాల్లో కుట్ర ప్రస్తావన ఉంది, ఆ కాగితాలు అసలువో నకిలీవో తేలలేదు. వీటిలో ఏ ఒక్కదాన్నీ పట్టుకుని "చంపేశారు" అని ప్రమాణం చేయలేం.

2015 నుంచి ఐక్యరాజ్యసమితి ఈ పనిని టాంజానియా మాజీ ప్రధాన న్యాయమూర్తి మొహమ్మద్ చాందే ఒత్మాన్‌కి అప్పగించింది. బయటి నుంచి దాడో బెదిరింపో కారణం కావడానికి ఆస్కారం ఉందని 2017లో ఆయన రాశాడు. నేరుగా కొట్టడమే కానక్కర్లేదు, పైలెట్ల చూపు ఒక్క క్షణం మళ్ళించినా చాలు అన్నాడు. ఇది నాకు అన్నిటికంటే సబబుగా కనపడుతుంది. చక్రాలు దించిన విమానం, చెట్ల మీద కోత, ఆకాశంలో వెలుతురు: మూడూ ఇందులో ఇముడుతాయి.

మరి తేలడానికి అడ్డమేంటి? అడవిలో దొరకాల్సిందేమీ లేదు, సాక్షుల్లో చాలామంది పోయారు. మిగిలింది కాగితాలూ టేపులూ. అమెరికా, బ్రిటన్, దక్షిణాఫ్రికా తమ నిఘా విభాగాల రికార్డులు పూర్తిగా వెతికి ఇవ్వాలని ఒత్మాన్ అడుగుతూనే ఉన్నాడు. 2024 రిపోర్టులోనూ కొన్ని దేశాలు ముఖ్యమైన సమాచారం ఇంకా దాచుకున్నాయనే రాశాడు. ఆ రాత్రి ఎన్‌డోలా మీద రేడియోలో ఎవరు ఎవరితో మాట్లాడారో రికార్డు ఉంటే, రెండో విమానం ఉందా లేదా అన్నది బయటపడుతుంది. ఆఫ్ అయిపోతోంది, ఉంటా అన్నా.