పే స్లిప్పు, కరెంటు మీటరు, ఓపీ చీటీ

అందరికీ నమస్కారం. తిరుపతికి ఉద్యోగం కోసం కొత్తగా వచ్చిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. ఉద్యోగం ఎట్లా తెచ్చుకోవాలో చెప్పేవాళ్లు ఈ ఊళ్లో వీధికొకరు ఉన్నారు, బాలాజీ కాలనీ వైపు పోతే ఎటు చూసినా కోచింగ్ బోర్డులే కదా, కాబట్టి నేను ఆ జోలికి పోను. నేను చాలాకాలంగా ఒక లేబర్ కాంట్రాక్టర్ ఆఫీసులో జీతాల లెక్కలు చూస్తున్నాను. ఎవరి ఖాతాలో ఎంత పడింది, ఎవరికి కోత పడింది, ఎవరు సెలవు పెట్టి ఆస్పత్రిలో ఉన్నారు, ఎవరు ఇల్లు మారుతున్నామని అప్పు అడుగుతున్నారు, ఇవన్నీ తిరిగి తిరిగి నా టేబుల్ మీదికే వస్తాయి. ఇల్లు వేరు, ఉద్యోగం వేరు, ఆరోగ్యం వేరు అని మనం అనుకుంటాం గానీ, ఒకచోట కాయితం తప్పితే దెబ్బ ఇంకోచోట తగులుతుంది. అదీ మనకు చేతకాని రోజు చూసుకుని తగులుతుంది. ఈ పూట చెప్పేది అంతే.

ముందు ఇల్లు చూద్దాం. కొర్లగుంట, బైరాగిపట్టెడ, ఎమ్మార్‌పల్లి, ఎక్కడ టులెట్ బోర్డు చూసి ఫోన్ చేసినా మొదట అడిగేది అద్దె గురించి కాదు. ఎంతమంది ఉంటారు, పెళ్లయిందా, వెజ్జా నాన్ వెజ్జా, కాస్త తటపటాయించి ‘మీరేమిటోళ్లు’ అని. ఆ చివరి ప్రశ్న 2020ల్లో కూడా ఇంత మామూలుగా అడుగుతారేంటని కొత్తవాళ్లకు ఒళ్లు మండుతుంది, మండాల్సిందే కూడా. మన ఊళ్లో దీనికి తోడు ఇంకో ప్రశ్న ఉంటుంది: చుట్టాలు ఎక్కువగా వస్తారా అని. తిరుపతిలో కాపురం పెట్టాక చుట్టాలు రాకుండా ఎట్లుంటారు సామీ? దర్శనానికి వచ్చిన ప్రతివాళ్లూ ముందురోజు మన హాల్లోనే పడుకుంటారు, తెల్లారి మన బాత్రూంలోనే స్నానం చేస్తారు, మధ్యాహ్నానికి ఓనరు కిందినుంచి ‘ట్యాంకు ఖాళీ అయింది’ అని కేకేస్తాడు. బ్రహ్మోత్సవాల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు.

ఇవన్నీ ఎట్లాగో సర్దుకుంటాం. సర్దుకోకుండా చూసుకోవాల్సింది మీటరు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మెట్ల కింద గోడకు ఎన్ని మీటర్లున్నాయో చూడండి. నాలుగు వాటాలకు కరెంటు వాళ్ల మీటరు ఒకటే ఉండి, పక్కన చిన్న చిన్న సబ్‌మీటర్లు బిగించి ఉన్నాయనుకోండి, నెలాఖరున ఓనరు ఒక నోటుబుక్కు పట్టుకొచ్చి రీడింగ్ రాసుకుని యూనిట్‌కు పది రూపాయలు లెక్కేస్తాడు. ఇప్పుడు లెక్క చూడండి. 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు రూపాయి 90 పైసలు, తర్వాత 75 దాకా 3 రూపాయలు. మీ వాటాకు సొంత మీటరుంటే 70 యూనిట్లకు కరెంటు ఖర్చు 177 రూపాయలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వేరే అనుకోండి. అదే 70 యూనిట్లకు ఓనరు లెక్కలో 700. ఇందులో ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేం, నాలుగిళ్ల వాడకం ఒకే మీటరు మీద పడితే బిల్లు పై స్లాబుల్లోకి పోతుంది, 400 దాటాక యూనిట్ 9 రూపాయల 75 పైసలు. అయితే ఆ మీటరుతో నెలనెలా పోయే డబ్బు చిన్న సంగతి. అసలు సంగతి ఇంకోటుంది, దానికి తర్వాత వస్తాను.

అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని ఉంది, ఆ ఖర్చు, తిరుగుడు ఎందుకని పదకొండు నెలల దగ్గర ఆపేయడం అలవాటైంది, మన రాష్ట్ర సవరణ ప్రకారం మాత్రం ఎన్ని నెలల లీజుకైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. అడ్వాన్స్ సంగతికొస్తే, ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించకూడదని 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఉంది, కానీ అది నమూనా, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప దాన్ని చూపించి ఎవర్నీ నిలదీయలేం. బేరమాడటానికి మాత్రం పనికొస్తుంది. ఎంత ఇచ్చినా ఫోన్ పేలో గానీ బ్యాంకులో గానీ వేసి, అగ్రిమెంటులో ఆ అంకె రాయించుకోండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఎంత పట్టుకుంటారో అదీ ముందే రాయించండి, లేకపోతే గోడకు కొట్టిన ఒక్క మేకుకు ఇల్లంతా సున్నం వేయించాల్సొచ్చిందంటారు.

ఇక ఉద్యోగం. కరకంబాడి వైపు బ్యాటరీల ఫ్యాక్టరీ ఎప్పటినుంచో ఉంది, రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీలు, అటు సత్యవేడు దగ్గర శ్రీసిటీ. పని లేదని అనలేం, కానీ కొత్తవాళ్లలో చాలామందికి పని దొరికేది కాంట్రాక్టర్ ద్వారానే. కంపెనీ గేటు మీద ఒక పేరుంటుంది, పే స్లిప్పు మీద ఇంకో పేరుంటుంది. జీతం ఇచ్చేది ఆ రెండోవాళ్లు, కాబట్టి వాళ్ల పేరు, అడ్రసు మీ దగ్గర రాతపూర్వకంగా ఉండాలి. డిపాజిట్ కట్టు, యూనిఫాం డబ్బు కట్టు, కొండ మీద ఉద్యోగం ఇప్పిస్తా అన్నవాళ్ల దగ్గర ఆగొద్దు. టీటీడీలో ఉద్యోగాలిప్పిస్తామనే దళారుల్ని నమ్మొద్దని ఆ సంస్థే మాటిమాటికీ ప్రకటనలిస్తూ ఉంటుంది, అయినా ఏడాదికేడాది పడేవాళ్లు పడుతూనే ఉన్నారు.

పే స్లిప్పు చదవడం మాత్రం నేర్చుకోండి. మొత్తం జీతం 18,000, అందులో బేసిక్ 15,000 అనుకుందాం. పీఎఫ్ బేసిక్‌లో పన్నెండు శాతం, 1,800. ఈఎస్ఐ, అంటే జబ్బు చేస్తే ఆదుకునే ఉద్యోగుల బీమా, మొత్తం జీతంలో ముప్పావు శాతం, 135. వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 15,915. ‘అన్నా, 18 అని చెప్పి 16 కూడా ఇవ్వలేదు’ అని మొదటి నెల నా దగ్గరికి కోపంగా వచ్చేవాళ్లు చాలామంది. కోపం వద్దు గానీ, అనుమానం ఉండాలి. ఆ 1,800 నిజంగా మీ పీఎఫ్ పాస్‌బుక్కులో పడిందా? ఆ 135కు యజమాని తరఫున మూడుంపావు శాతం, అంటే 585, కలిపి ఈఎస్ఐకి కట్టారా? జీతంలో కోసి అటు కట్టని వాళ్లూ ఉన్నారు, ఈ వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ఫోన్లో ఉమాంగ్ యాప్ తెరిస్తే పీఎఫ్ రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

ఈఎస్ఐని మన పిల్లలు అసలు లెక్కచేయరు. డిస్పెన్సరీలో గోలీలు తప్ప ఏముంటాయంటారు. నెలకు 21,000 దాకా జీతమున్న మనిషికి దాని విలువ వేరు. వైద్యం ఉద్యోగంలో చేరిన రోజు నుంచే, మీకే కాదు ఇంట్లో వాళ్లకూ. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా పడి ఉంటే, ఆ తర్వాత వచ్చే ప్రయోజన కాలంలో జబ్బు చేసి డ్యూటీకి పోలేకపోయినా ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. చిత్తూరు నుంచి వచ్చే ఒకావిడ, ప్యాకింగ్ సెక్షన్‌లో చేసేది, గర్భసంచి ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ డబ్బుతోనే పిల్లల ఫీజు కట్టింది. ఆమె కాయితాలన్నీ ఒక పాత చీర కవర్లో పెట్టుకుని తిరిగేది, మా ఆఫీసు కుర్రాళ్లు నవ్వేవాళ్లు. ఆమె క్లెయిమ్ ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు.

ఇప్పుడు మీటరు సంగతి. పుంగనూరు వైపు అబ్బాయి ఒకడు మా దగ్గర పనిచేసేవాడు. పెళ్లి చేసుకుని, అమ్మను కూడా తెచ్చుకుని, నాలుగు వాటాల ఇంట్లో ఒక వాటా తీసుకున్నాడు, మీటరు ఒకటే. రేషన్ బియ్యం ఇచ్చే రైస్ కార్డుకు ఉన్న అర్హతల్లో నెలకు కరెంటు వాడకం 300 యూనిట్లు మించకూడదనేది ఒకటి. సర్వేలో ఆ ఇంటి మీటరు నంబరు వీడి కుటుంబానికి తగిలించారు. నాలుగిళ్ల యూనిట్లూ వీడివే అయ్యాయి, కార్డు ఆగిపోయింది. బియ్యమే కదా అని ఊరుకున్నాడు. తర్వాత వాళ్లమ్మకు కడుపునొప్పి, పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆస్పత్రిలో ప్రభుత్వ ఉచిత వైద్య పథకం, వైద్యసేవ కౌంటర్‌లో ఆధార్ కొట్టి చూస్తే, ‘అన్నా, మీ కార్డు చూపించట్లేదే’ అన్నారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం పేర్లు మారుతూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉంది. రైస్ కార్డుంటే నేరుగా వర్తిస్తుంది, అది లేనివాళ్లు అర్హత ఉన్నా విడిగా వార్డు సచివాలయంలో అర్జీ పెట్టుకుని తెచ్చుకోవాలి, మనిషిని మంచం మీద పెట్టుకుని ఆ తిరుగుడు ఎవరు తిరుగుతారు?

సరే, ఈఎస్ఐ ఉంది కదా అనుకున్నాం. చూస్తే వాడికి రెండు ఈఎస్ఐ నంబర్లున్నాయి. పాత కాంట్రాక్టర్ దగ్గర ఒకటి, మారినప్పుడు ఇంకోటి. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పేర్లు కలవక కొత్త మనిషి అనుకుని కొత్త నంబరు తీసేశారు. పాత నంబరులో అమ్మ పేరుంది, కొత్తదాంట్లో భార్య పేరు మాత్రమే ఉంది. అమ్మానాన్నల్ని చేర్చుకోవచ్చు, వాళ్ల ఆదాయం నెలకు 9,000 మించకూడదు, ఆమెకు పింఛను తప్ప ఏమీ లేదు కూడా. కానీ చేర్చి, అది కనపడేదాకా నొప్పి ఆగుతుందా? ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో చేర్పించి, డబ్బు కోసం ఇల్లు ఖాళీ చేసి అడ్వాన్స్ అడిగితే, ఓనరు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుని మిగతాది ఇచ్చాడు. అమ్మను డిశ్చార్జ్ చేస్తే ఎక్కడికి తీసుకుపోవాలో తెలియక రాత్రి ఎనిమిదింటికి మెడికల్ షాపు ముందు నిలబడి నాకు ఫోన్ చేశాడు. ఆ పూట వాణ్ణి ఆదుకుంది ఏ పథకమూ కాదు, మా వీధిలో ఒక ఓనరమ్మ, అడ్వాన్స్ తర్వాత చూద్దాంలే నాయనా అని తాళం చేతిలో పెట్టింది. ఆమెది కూడా ఒకటే మీటరు, అది వేరే విషయం! తర్వాత సచివాలయంలో అర్జీ పెడితే, కరెంటు వాళ్లు వచ్చి చూసి అది ఇంటి మొత్తం మీటరని రాసిచ్చాక రైస్ కార్డు తిరిగొచ్చింది. కరెంటు పంపిణీ చేసే ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు ఉన్న ఊళ్లో ఈ కథ జరగడం నాకెప్పుడూ చిత్రంగానే ఉంటుంది.

ఆస్పత్రుల గురించి ఇంకో రెండు ముక్కలు. ఈ విషయంలో మనది అదృష్టమున్న ఊరు. రుయా ఉంది, స్విమ్స్ ఉంది, ఎముకలకు 1985 నుంచీ బర్డ్ ఉంది, చిన్నపిల్లల గుండెకు 2021లో పద్మావతి హృదయాలయం వచ్చింది. చిత్తూరు వాళ్లకు ఇంకా దగ్గర వేలూరు, తరతరాలుగా పోతున్నారు, కానీ అది తమిళనాడు, మన కార్డు ఆ ఆస్పత్రిలో చెల్లుతుందో లేదో బయల్దేరకముందే కనుక్కోండి. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని వైద్యసేవ నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపిన రోజులూ చూశాం కాబట్టి మన దగ్గర కూడా ముందు ఫోన్ చేయడం మంచిది. ఇంట్లో 70 ఏళ్లు నిండిన పెద్దవాళ్లుంటే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, 2024 అక్టోబర్లో మొదలైంది, ఏడాదికి 5 లక్షలు. జబ్బు చేసేదాకా ఆగకుండా ముందే తీసి పెట్టండి.

ఇంటర్వ్యూల గురించి ఒక్క మాటా చెప్పలేదని వెనక కూర్చున్న తమ్ముడు ముఖం ముడుచుకున్నాడు. టీ వచ్చేలోపు అడుగు నాయనా, చెబుతా. పే స్లిప్పు ఫోన్లో ఉన్నవాళ్లు ఈ పక్కకు రండి, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు ఇప్పుడే కలిసి చూద్దాం. అద్దె అగ్రిమెంటు ఇంకా రాయించుకోని వాళ్లు ఆ పక్క కూర్చోండి. రెండు నంబర్లున్నాయని తేలితే కంగారు పడొద్దు, ఒక దరఖాస్తు రాసి పెట్టాలి, దాని నమూనా జిరాక్సులు తెచ్చాను.