మూలపడ్డ డ్రిల్లింగ్ మిషన్: ముందు బెల్టు తీసి చూడండి

యాంకర్: నమస్కారం. మన ఫోన్-ఇన్ కార్యక్రమంలో ఈ వారం విషయం పాత బెంచ్ డ్రిల్లింగ్ మిషన్‌ని మళ్ళీ పనిలోకి తెచ్చుకోవడం. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరైన మాస్టారు మనతో ఉన్నారు. మొదటి కాల్ గుడివాడ నుంచి. చెప్పండి.

శ్రోత (గుడివాడ): నమస్కారం మాస్టారూ. మా నాన్నగారి మిషనండి. ఆయన పోయాక షెడ్డుకి తాళం వేసేశాం. మొన్న తీసి స్విచ్ వేస్తే మోటారు గుంయ్‌మంటోంది గానీ తిరగట్లేదు. పాత ఇనుము వాళ్ళు కిలోల లెక్కన అడుగుతున్నారు. నాకేమో ఇవ్వబుద్ధి కావట్లేదు.

మాస్టారు: ఇవ్వకండి బాబూ. ఆ బరువంతా కాస్ట్ ఐరన్. దానికేం కాదు. పాడయ్యేవి బేరింగులు, బెల్టు, బిట్టుని పట్టుకునే చక్కు, అన్నీ బజార్లో దొరికేవే. కానీ ఆ మోటారుకి మళ్ళీ స్విచ్ వేయకండి. తిరగకుండా ఆగిపోయిన మోటారు కరెంటు విపరీతంగా లాగుతుంది, చూస్తుండగానే లోపలి తీగచుట్టు, అంటే వైండింగ్, మాడిపోతుంది. ప్లగ్ పీకి, బెల్టు తీసేసి, మోటారు పుల్లీ ఒకసారి, బిట్టుని తిప్పే కడ్డీ ఉంటుంది కదా, ఆ స్పిండిల్ పుల్లీ ఒకసారి చేత్తో తిప్పి చూడండి. బిగుసుకున్నది ఏదో మీకే తెలుస్తుంది.

శ్రోత: అది చూశానండి. మోటారు తేలిగ్గానే తిరుగుతోంది. స్పిండిలే బరువుగా ఉంది, లోపల గరగరలాడుతోంది.

మాస్టారు: అయితే స్పిండిల్ బేరింగులు పోయాయి. అలాగని మోటారు బాగుందని ఇప్పుడే అనుకోవద్దు. ఇన్నేళ్ళు చెమ్మలో ఉంది. వైండింగ్ షాపులో, కరెంటు బాడీలోకి కారుతుందో లేదో చూసే 500 వోల్టుల మెగ్గర్ పెట్టించండి. వైండింగ్‌కీ బాడీకీ మధ్య ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే కరెంటు ఇవ్వకూడదు, ముందు ఆరబెట్టించాలి. మెగ్గర్ బాగుంటే బెల్టు లేకుండా అక్కడే తిప్పి చూడమనండి. అప్పుడూ గుంయ్‌మంటే మోటారుని మొదట కదిలించే కెపాసిటర్ పోయి ఉండొచ్చు, లేదా లోపల, మోటారు వేగం అందుకోగానే విడిపోయే సెంట్రిఫ్యూగల్ స్విచ్ పాయింట్లకి మసి పట్టి ఉండొచ్చు. ఇవి చూడకుండానే రీవైండింగ్ చేయాలంటే ఒప్పుకోకండి. ఆ కెపాసిటర్‌ని మాత్రం మీరు ముట్టుకోవద్దు. ప్లగ్ తీసినా దాంట్లో ఛార్జి నిలిచి ఉంటుంది.

యాంకర్: మరి స్పిండిల్ విప్పడం ఇంట్లో అయ్యే పనేనా?

మాస్టారు: అవుతుంది, ఒక్కచోట మాత్రం భద్రం. హ్యాండిల్ వదలగానే డ్రిల్లు తనంతట తనే పైకి వస్తుంది కదా. మోటారు, స్పిండిల్ ఉన్న పైభాగం, అంటే హెడ్, దాని పక్కన గుండ్రటి డబ్బాలో చుట్టి పెట్టిన రేకు స్ప్రింగ్ దాన్ని లాగుతుంది. ఆ మూత నట్టు ఒక్కసారిగా తీసేశారో, స్ప్రింగ్ విచ్చుకుని చెయ్యి కోసేస్తుంది. మందపాటి గుడ్డతో మూతని గట్టిగా పట్టుకుని, నట్టు కాస్త వదులు చేసి, ఒక్కో గాడీ వదులుతూ మెల్లగా బిగువు దించండి. బిగువు పోగానే స్పిండిల్ ఉన్న గొట్టం కిందికి జారుతుంది, రెండో మనిషి పట్టుకోవాలి. అలాగే నిలువు స్తంభం, అంటే కాలమ్, మీద హెడ్ బోల్టు వదులు చేసేముందు కింద చెక్క దిమ్మ పెట్టండి. ఆ హెడ్ జారిందంటే టేబుల్ పగులుతుంది, చెయ్యి అడ్డముంటే ఇంకా ఘోరం.

శ్రోత: బేరింగ్ సైజు ఎలా తెలుస్తుందండి?

మాస్టారు: పక్కన నంబరు ఉంటుంది, 6203 అనో 6204 అనో. జిడ్డు తుడిచి చూడండి. పాతది చేత్తో పట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్తే ఇంక గొడవే ఉండదు. కొత్తది ఎక్కించేటప్పుడు సుత్తితో నేరుగా కొట్టొద్దు. షాఫ్ట్ మీదకైతే లోపలి రింగుని, హౌసింగ్‌లోకైతే బయటి రింగుని, సరిపోయే పైపు ముక్క ఆనించి నెట్టాలి. వేరే రింగు మీద కొడితే దెబ్బంతా లోపలి గుండ్ల మీద పడి, కొత్త బేరింగ్ మొదటిరోజు నుంచే గోల పెడుతుంది.

శ్రోత: కాలమ్ తుప్పుకి యాసిడ్ వాడొచ్చా?

మాస్టారు: బాత్రూమ్ యాసిడ్ షెడ్డులోకే తేవద్దు. ఆ ఆవిరికి పక్కనున్న సామాన్లు కూడా తుప్పు పడతాయి. కిరోసిన్ గానీ డీజిల్ గానీ రాసి రాత్రంతా వదిలేసి, పొద్దున స్క్రబ్బర్‌తో రుద్దండి. మొండి మరకలకి 400 నంబరు వాటర్ పేపర్, నూనె వేసి. రంగు సంగతి అన్నీ అయ్యాక.

యాంకర్: తర్వాతి కాల్ నిజామాబాద్ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (నిజామాబాద్): నమస్తే సార్. మాది అల్యూమినియం కిటికీల షాపు. పాత మిషన్ కొన్నాం. నడుస్తుంది గానీ బిట్టు ఊగుతుంది, రంధ్రం పెద్దగా వస్తుంది. చక్కు మార్చాలంటున్నారు.

మాస్టారు: ఇప్పుడే కొనకమ్మా. ముందు వేరే బిట్టు పెట్టి చూడు, బిట్టే వంగి ఉండొచ్చు. అదీ ఊగితే చక్కు దించాలి. మీ స్పిండిల్‌కి మోర్స్ టేపర్, అంటే లోపలికి పోనుపోను సన్నబడే రంధ్రం, ఉంటే, హ్యాండిల్ కిందికి లాగినప్పుడు పక్కన నిలువుగా ఒక గాడి కనిపిస్తుంది. అందులో డ్రిఫ్ట్ అనే చీలలాంటి ఇనుప ముక్క పెట్టి, కింద చక్కుకి చెక్క ఆసరా ఇచ్చి, తేలిగ్గా ఒక దెబ్బ వెయ్యి. ఊడొచ్చాక స్పిండిల్ లోపల వేలు పెట్టి తడిమి చూడు, మిషన్ ఆగి ఉన్నప్పుడే సుమా. వెంట్రుకంత ఇనుప పొట్టు ఉన్నా కింద బిట్టు కొస దగ్గర ఊపు కళ్ళకి కనిపించేంత అవుతుంది. గుడ్డతో రెండు టేపర్లూ పొడిగా తుడువు. గ్రీజు రాయొద్దు. అది పొడి ఇనుము మీద పొడి ఇనుము పట్టుకునే పద్ధతి, జిడ్డుంటే పని మధ్యలో ఊడిపోతుంది. చక్కు దవడలు పూర్తిగా లోపలికి లాగేసి, చెక్కతో కింది నుంచి తట్టి కూర్చోబెట్టు.

శ్రోత: అయినా ఊగితే సార్?

మాస్టారు: అప్పుడు చిన్న తేడాని కూడా ముల్లుతో చూపే డయల్ గేజ్ ఉన్నవాళ్ళతో స్పిండిల్ లోపలే కొలిపించు. అక్కడ బాగుండి చక్కులో తేడా వస్తే, అప్పుడు చక్కు మార్చు. మీ పనికి 0.1 మిల్లీమీటరు లోపు ఊపు పర్వాలేదు, మామూలు కాగితం మందం అంత. టేబుల్ కూడా చూసుకో. ఒక తీగని వంచి చక్కులో బిగించి, కొస టేబుల్‌కి తగిలీ తగలకుండా పెట్టి చేత్తో తిప్పు. ఒకవైపు గీసుకుని ఇంకోవైపు ఎడం వస్తే టేబుల్ వాలి ఉన్నట్టు.

శ్రోత: స్పీడు కోసం బెల్టు పుల్లీలో ఏ గాడిలో పెట్టాలి?

మాస్టారు: సన్న బిట్టుకి స్పీడు, లావు బిట్టుకి నిదానం. మామూలు ఇనుముకి 6 ఎంఎం బిట్టయితే నిమిషానికి సుమారు 1300 చుట్లు, 12 ఎంఎంకి అందులో సగం. అల్యూమినియానికి ఇంకా ఎక్కువ ఇవ్వొచ్చు.

యాంకర్: ఒకరు మెసేజ్ పెట్టారు. చేతికి గ్లౌజులు వేసుకోమంటారా అని.

మాస్టారు: తిరిగే డ్రిల్లు దగ్గర గ్లౌజులు వద్దే వద్దు. కొసన దారం చిక్కితే చెయ్యంతా లాగేస్తుంది. నిజామాబాద్ అమ్మకీ అదే చెబుతున్నా: చున్నీ వెనక్కి ముడి వెయ్యి, గాజులు తీసెయ్యి, జుట్టు కట్టుకో, కళ్ళద్దాలు పెట్టుకో. పనిముక్కని చేత్తో పట్టుకోకుండా వైస్‌లో బిగించు. చక్కు బిగించే కీ తీశాకే స్విచ్ వెయ్యి. ప్లగ్‌కి మూడో పిన్ను ఎర్త్ మిషన్ బాడీ దాకా వచ్చిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే షాపులో కుర్రాళ్ళ చేతికి ఇవ్వమ్మా.

శ్రోత: ఎర్త్ వైరు అసలు లేదు సార్, రెండు వైర్లే ఉన్నాయి.

మాస్టారు: అయితే ఇవాళ మిషన్ ఆపెయ్. మూడు కోర్ల కేబుల్ వేయించాకే మళ్ళీ పని.